గంటస్తంభం చుట్టూ బట్టల కొట్లు గుమిగూడడాన్ని గణితం వివరించగలదా?

లెక్కల మాస్టారు: విజయనగరంలో బట్టల కొట్లు గంటస్తంభం చుట్టూ ఎందుకు చేరాయన్న ప్రశ్నకు 1929లో ఆర్థికవేత్త హోటెలింగ్ ఇచ్చిన జవాబు చాలు. ఒకే సరుకును ఒకే ధరకు అమ్మే ఇద్దరు, ఎదుటివారి బేరాలను లాక్కోవడానికి జరుగుతూ జరుగుతూ చివరకు వీధి నడుమ ఆనుకొని నిలుస్తారు.

చీరల వ్యాపారి: ఒకే ధర అన్నచోటే లెక్క తప్పింది. బేరమాడకుండా చీర కొన్నవారిని ముప్పై ఏళ్లలో నేను చూడలేదు.

పాత విద్యార్థి: ధర మార్చుకొనే వీలిస్తే ఆ ఫలితం నిలవదని 1979లో ముగ్గురు ఆర్థికవేత్తలు నిరూపించారు కూడా.

లెక్కల మాస్టారు: అయితే కొనేవారు ఏ బజారుకు వెళతారో అంచనా వేసే హఫ్ నమూనా చూడండి. బజారు పెద్దదైతే ఆకర్షణ పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. దూరానికి ఘాతం 2 అనుకుంటే, అంటే కొట్ల సంఖ్యను దూరపు వర్గంతో భాగిస్తే, 1 కిలోమీటరులో ఉన్న 10 కొట్లకు 10 పాళ్లు, 2 కిలోమీటర్లలో ఉన్న 60 కొట్లకు 15 పాళ్లు వస్తాయి. అంటే నూటికి 60 మంది దూరపు బజారుకే వెళతారు.

బొబ్బిలివాసి: మాకు దూరమంటే కిలోమీటర్లు కాదండీ, ఆఖరి బస్సు వేళ.

చీరల వ్యాపారి: ఆ 2 ఎక్కడిది?

లెక్కల మాస్టారు: పట్టణాల మధ్య వర్తకానికి 1931లో రైలీ అనే పరిశోధకుడు దూరపు వర్గాన్ని తీసుకున్నాడు. హఫ్ మాత్రం ప్రయాణ కాలాన్ని తీసుకొని, ఘాతాన్ని సరుకును బట్టి కొలవమన్నాడు. కూరగాయలకు అది ఎక్కువ, పెళ్లి బట్టలకు తక్కువ.

చీరల వ్యాపారి: అంటే ముందు ఊహించి చెప్పారన్నమాట. పోటీ లేనిచోట బాగుంటుందని మా నాన్నగారు కొత్త కాలనీలో కొట్టు పెట్టి, రెండేళ్లకే మూసి, అప్పు తీర్చడానికి పొలం అమ్మారు.

లెక్కల మాస్టారు: విడిగా ఉన్న కొట్టు నిలవదనే కదా నా నమూనా చెబుతున్నది! మీరు నన్నే సమర్థిస్తూ నాతోనే తగవు పడుతున్నారు.

చీరల వ్యాపారి: మా నాన్నగారు ఆ కాలనీకి ఎందుకు వెళ్లారో మీరు అడగలేదు, మాస్టారూ. బజారులో జనం పెరిగారని భవన యజమాని అద్దెను రెట్టింపు చేశాడు. గుంపు వల్ల వచ్చిన లాభం గుంపుకు దక్కలేదు. నా అభ్యంతరం ఘాతం మీద కాదు, దీని మీద.

లెక్కల మాస్టారు: ఆ మాట ముందే చెప్పవలసింది. 1978 నాటి హారిస్, విల్సన్ నమూనాలో రాబడి ఖర్చును మించితే కొట్టు పెరుగుతుంది, తగ్గితే కుదించుకుపోతుంది. కాని చదరపు అడుగుకు ఖర్చు అన్నిచోట్లా ఒకటే అనుకున్నారు. కొట్లతోపాటు పెరిగే అద్దెను అక్కడ పెట్టి మళ్లీ లెక్కిస్తాను. మీ వీధిలో ఏయే ఏడు ఎంత అద్దె ఉండేదో రాయగలరా?

చీరల వ్యాపారి: రాస్తాను. అయితే ఇప్పుడు ఉన్నవారిని మాత్రమే అడిగితే కుదరదు, ఖాళీ చేసినవారి అద్దెలు కూడా కావాలి. వారిలో నలుగురి ఇళ్లు నాకు తెలుసు.