ఇషాపూర్ త్రీ నాట్ త్రీ కర్రకు ఉప్పుకాగితం పట్టాలా, అలాగే ఉంచాలా?

టెక్సాస్ తెలుగు
అందరికీ నమస్కారం. ఇక్కడ హ్యూస్టన్‌లో పాత తుపాకులు అమ్మే దుకాణంలో మన బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన త్రీ నాట్ త్రీ దొరికింది. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 స్టార్. బట్టు (భుజానికి ఆనించే వెనక కర్ర) మొదలు పట్టుకునే ఉక్కు భాగం మీద కిరీటం, జి.ఆర్.ఐ. (అప్పటి రాజు జార్జి ముద్ర), ఇషాపూర్, 1942 అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఇనుము బాగుంది, గొట్టం లోపల కూడా బాగుంది. ఇబ్బందంతా కర్రతోనే. బట్టు నల్లగా మారిపోయి జిడ్డు కారుతోంది. ఎండలో కాసేపు పెడితే మణికట్టు దగ్గర (బట్టు సన్నబడే చోట) నూనె బొట్లు పైకి వస్తున్నాయి. అక్కడక్కడా గుంటలు పడ్డాయి. తూటాలుండే మ్యాగజైన్ ముందు, ఫోరెండ్‌కు (గొట్టం కింద ఉండే ముందు కర్రకు) అడ్డంగా ఒక స్క్రూ ఉంది, అది తర్వాత ఎవరో బిగించినట్టు కనిపిస్తోంది.

120 నంబరుతో మొదలుపెట్టి 400 దాకా ఉప్పుకాగితం పట్టి, పైన పాలీయురేథేన్ మూడు కోట్లు వేద్దామనుకుంటున్నాను. ఇక్కడి మిత్రుడొకరు మాత్రం ఉప్పుకాగితం పెడితే తుపాకీ పోయినట్టే అంటున్నారు. కర్ర అందంగా కనిపించాలనుకోవడం అంత తప్పా? మీ అభిప్రాయాలు చెప్పండి.

పాత ఎన్‌సీసీ
తమ్ముడూ, మీ మిత్రుడు చెప్పిందే నిజం. ఉప్పుకాగితం పక్కన పెట్టెయ్యండి.

ముందు ఆ స్క్రూ సంగతి. అది ఎవరో ఇంట్లో బిగించింది కాదు. దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. అక్కడ కర్ర నిలువునా చీలకుండా మన దేశంలోనే పెట్టిన బలం. తీసేసి పుట్టీ నింపే పని మాత్రం చేయకండి.

ఇక నలుపు. అది కర్ర రంగు కాదు. ఏళ్ల తరబడి పట్టిన చేతి మురికి, ఎండిన అవిసె నూనె, గొట్టానికి పూసిన మినరల్ ఆయిల్ కిందికి దిగి ఇంకిపోవడం, ఇవన్నీ కలిస్తే ఆ రంగు వస్తుంది. తుపాకీని గొట్టం పైకి పెట్టి నిలబెట్టి నిల్వ చేస్తారు కదా, ఇనుముకు పట్టించిన నూనె మెల్లగా జారి మణికట్టులోకి చేరుతుంది. మీకు ఎండలో కనిపించే బొట్లు అవే. దాన్ని ఉప్పుకాగితంతో గీకితే కాగితం జిడ్డుతో మూసుకుపోవడం తప్ప ఏమీ జరగదు, నూనె లోపలే ఉంటుంది. దాని మీద పాలీయురేథేన్ వేస్తే కొన్నాళ్లకే పొరలుగా లేస్తుంది.

చేయాల్సింది కడగడం. మెత్తటి గుడ్డకు మినరల్ స్పిరిట్స్ (పెయింటు పలచన చేసే ద్రావకం) తడిపి నారవెంట తుడవండి. గుడ్డ నల్లబడగానే మార్చండి. మణికట్టు దగ్గర లోతుగా ఇంకిన నూనె లాగాలంటే సుద్ద పొడిని స్పిరిట్స్‌తో ముద్దలా కలిపి పట్టించి ఆరనివ్వండి. ఆరేకొద్దీ తెల్లటి సుద్ద గోధుమరంగులోకి తిరుగుతుంది, ఆ నూనే అది. రాలగొట్టి మళ్లీ పట్టించండి. అమెరికాలో కొందరు ఓవెన్ క్లీనర్ వాడుతుంటారు. అది కాస్టిక్, నార పీచు పీచుగా లేచిపోతుంది. అది వద్దు.

గుంటలకు ఇస్త్రీ పెట్టె చాలు. తడిగుడ్డ పరిచి వేడిగా ఆనిస్తే ఆవిరికి నొక్కుకుపోయిన నార ఉబ్బి లేస్తుంది. కోసుకుపోయిన గాట్లు మాత్రం లేవవు, వాటిని వదిలేయాలి.

కోనసీమ రైతు
అన్నగారూ, మీరు చెప్పేది గాజు బీరువాలో పెట్టుకునే తుపాకీకి సరిపోతుంది. మాలాంటివాళ్ల సంగతి వేరు.

మా ఇంట్లో ఉన్నది .315, అదీ ఇషాపూర్‌దే. త్రీ నాట్ త్రీ మన దేశంలో నిషిద్ధ బోరు కాబట్టి మాకు దొరికేది ఇదే, లోపలి యంత్రం మాత్రం అదే లీ-ఎన్‌ఫీల్డ్ పోలిక. పంట రక్షణ లైసెన్సు మీద ఉంది. మా దగ్గర ఎన్నికలప్పుడు స్టేషన్‌లో జమ చేయమంటారు. కోడ్ ఎత్తేశాక తెచ్చుకుంటే బట్టు మీద తెల్లటి బూజు, వేలితో గీస్తే గీత పడేంత. నాన్నగారు ఏళ్లుగా అవిసె నూనె రాసిన కర్రే అది. నూనెంటే బూజుకు తిండే కదా.

తర్వాత లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర కర్ర శుభ్రం చేయించి, పాలీయురేథేన్ వేయించాను. ఆ తర్వాత రెండు ఎన్నికలు దాటినా బూజు రాలేదు. వానలో తడిసినా తుడిస్తే పోతోంది. వాడుకునే వస్తువును వాడుకునేలా ఉంచుకోవడం తప్పెలా అవుతుంది?

పాత ఎన్‌సీసీ
రైతుగారూ, తప్పని నేను అనలేదు. మీ .315 మీద చెరిగిపోయే చరిత్ర ఏమీ లేదు, మీకు కావాల్సింది రక్షణ. ఆయన చేతిలో ఉన్నది 1942 తుపాకీ. రెండింటికీ ఒకటే మందు పెట్టకూడదు అన్నదే నా మాట.

ఒక్క మాట. మీ పైపూత లోపలికి కూడా వెళ్లిందా? గొట్టం కూర్చునే గాడి, బట్టు ప్లేటు కింద అడ్డనార కొసలు, ఇవి పచ్చిగా ఉంటే తేమ అక్కడినుంచే తాగుతుంది. బయట మూసేసి లోపల తెరిచి ఉంచిన కర్ర ఒకవైపు ఉబ్బుతుంది. ఫోరెండ్ వంగి గొట్టాన్ని పక్కకు నెట్టేది అలాగే.

కొయ్యపని
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది తుపాకుల పని కాదు, ఫర్నిచర్ పని. నూనె విషయంలో ఇద్దరూ ఒక మాట వదిలేస్తున్నారు.

అవిసె నూనె నీటి ఆవిరిని ఆపదు. నీటి చుక్క కాసేపు నిలుస్తుందేమో, గాలిలో తేమ మాత్రం తిన్నగా లోపలికి పోతుంది. అమెరికాలో మాడిసన్‌లోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబరేటరీ పూతలన్నిటినీ పరీక్షించింది. ఆవిరిని ఆపడంలో లిన్‌సీడ్ (అవిసె), టంగ్ (ఒక చెట్టు గింజల నుంచి తీసేది) నూనెలు దాదాపు అట్టడుగున ఉన్నాయి. వార్నిష్‌లు చాలా మెరుగు. కరిగించిన పారఫిన్ మైనంలో ముంచితే అన్నిటికంటే బాగా ఆపింది. గాలిలో తేమ 30 శాతం ఉన్నచోట కర్రలో 6 శాతం నీరుంటే, 80 శాతం ఉన్నచోట 16 శాతానికి చేరుతుంది. కోనసీమలో, హ్యూస్టన్‌లో ఉండేది ఆ రెండో లెక్కే. కాబట్టి "నూనె కర్రను కాపాడుతుంది" అని గుడ్డిగా అనకూడదు. నూనె కర్రకు రంగు తెస్తుంది, పగుళ్లు రాకుండా కొంత సాయపడుతుంది, గీత పడితే అక్కడికక్కడ సరిచేసుకోనిస్తుంది. అంతవరకే.

పాలీయురేథేన్‌తో ఇబ్బంది ఇంకోటి. ఒక చోట పగిలితే ఆ ఒక్క చోటే బాగుచేయలేం. కొత్త పొర పాతదానిలో కలవదు, అంచు కనిపిస్తుంది. మొత్తం గీకేయాల్సిందే. లక్క పాలిష్ అలా కాదు, స్పిరిట్ తగిలితే పాత పొర కరిగి కొత్తదానితో కలిసిపోతుంది. రష్యావాళ్లు మోసిన్ తుపాకుల కర్రలకు లక్కే వాడారు, ఆ ఎర్రటి మెరుపు దానిదే. మనకైతే ఏటికొప్పాక బొమ్మల మీద అందరూ చూసినదే. నీళ్లకు, వేడికి మాత్రం లక్క ఆగదు. తడి నిలిస్తే తెల్లమచ్చ పడుతుంది.

టెక్సాస్ తెలుగు
చాలా విషయాలు తెలిశాయి, ధన్యవాదాలు. ఒక సందేహం. ఈ తుపాకీని సైన్యంలోనే ఎన్నోసార్లు విప్పి, కర్రలు మార్చి, మరమ్మతు చేసి ఉంటారు కదా. నా ఫోరెండ్‌లో ఒక చోట చిన్న కర్ర ముక్క అతికి ఉంది, రంగు కూడా వేరే. ఆర్మరర్ (సైన్యంలో తుపాకులు బాగుచేసేవాడు) చేస్తే చరిత్ర, నేను చేస్తే పాడుచేయడమా? ఇదెక్కడి న్యాయం?

పాతసామాను
ఈ ప్రశ్న కోసమే ఇంతసేపూ చూస్తున్నాను. నేను మిషిగన్‌లో ఉంటాను, ఇలాంటివి సేకరిస్తాను, వాటితో కాలుస్తాను కూడా.

ఆర్మరర్ ఏ పని చేశాడో చూడండి. చీలిన చోట చీలినంత మేర కోసి, నార దిక్కు చూసి ముక్క అతికాడు. మిగతా కర్రను ముట్టుకోలేదు. తుపాకీ మళ్లీ కాల్చడానికి పనికి రావాలన్నదే అతని లెక్క. మీ ఫోరెండ్‌లో చీలిక ఉంటే మీరూ అలాగే చేయండి, ఎవరూ కాదనరు. ఉప్పుకాగితం చేసే పని వేరు. బాగున్న చోట కూడా కర్రను తీసేస్తుంది.

చేతిలో తుపాకీ ఉంది కదా, ఒకసారి వేలితో చూడండి. బట్టు ఉక్కు పట్టుతో కలిసే చోట గోరు ఆనించి కర్ర మీదినుంచి ఇనుము మీదికి జరపండి. అసలు కర్రైతే ఇనుముకంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది, గోరు కిందికి దిగుతుంది. ఉప్పుకాగితం పడిన తుపాకీలో గోరు ఇనుము అంచుకు తట్టుకుంటుంది. బట్టు ప్లేటు దగ్గరా, ముందు కొసన ఉన్న నోస్‌క్యాప్ అనే ఉక్కు తొడుగు దగ్గరా అంతే. ఆ ఎత్తు ఒకసారి పోతే తిరిగి రాదు. అమ్మకానికి వచ్చిన ఏ తుపాకీలోనైనా నేను మొదట చూసేది అదే. దానితో పాటే కర్ర మీది తనిఖీ ముద్రలు కూడా పోతాయి. వాటి లోతు చాలా తక్కువ, 120 కాగితం నాలుగు లాగులకే మాయమవుతాయి.

అయినా "ముట్టుకోవద్దు" అనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. జిడ్డుతో మెత్తబడిన కర్రను చరిత్ర పేరుతో అలాగే ఉంచి కాలిస్తే అదే చీలిపోతుంది. ఈ తుపాకీలో వెనక్కి తన్నే దెబ్బంతా ఫోరెండ్ వెనక కొసన లోపల ఉన్న రెండు చిన్న ముఖాల మీద పడుతుంది. ఇక్కడ వాటిని డ్రాస్ అంటారు. నూనె నాని అవి మెత్తబడినా, కర్ర ఎండి కుంచించుకుపోయినా, ఫోరెండ్ కదలడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత వెనక కొసన బీట పడుతుంది. అందుకని ముందు అక్కడ చూడండి. గోరుతో నొక్కితే దిగితే, ఆ నూనె తీసి గట్టిపరిచేదాకా కాల్చవద్దు. అందం సంగతి ఆ తర్వాత.

పాత ఎన్‌సీసీ
బాగా చెప్పారు సార్. విప్పే ముందు ఇంకొకటి, ఇది అందరూ చదవాలి. తూటాను లోపలికి నెట్టే బోల్టు బయటికి తీసి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కంటితో, వేలితో చూసుకున్నాకే మిగతా పని.

నంబర్ 1 మార్క్ 3లో బట్టు విప్పాలంటే ముందు ఫోరెండ్ తీయాలి. బట్టును బిగించే పొడవాటి బోల్టు ముందు కొస చదరంగా ఉండి, ఫోరెండ్ లోపలి చిన్న ప్లేటులో కూర్చుంటుంది. ఫోరెండ్ ఉండగా ఆ బోల్టు తిప్పితే అది తిరుగుతూ ఫోరెండ్‌ను లోపలినుంచి చీల్చేస్తుంది. కొన్న వారంలోనే అలా పగలగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంకా, బట్టు ప్లేటు తీశాక ఆ రంధ్రంలో తోలు ముక్క ఒకటి ఉంటుంది. ముందు దాన్ని బయటికి లాగాలి. లేకపోతే స్క్రూడ్రైవర్ గాడిలో కూర్చోక పక్కకు జారి బట్టును చీలుస్తుంది.

ఫోరెండ్‌ను లివర్‌లా ఎత్తవద్దు. రెండు చేతులతో కొద్దికొద్దిగా నేరుగా కిందికి లాగాలి.

కోనసీమ రైతు
డ్రాస్ సంగతి నాకు తెలియదు, మా గన్‌స్మిత్‌కు చూపిస్తాను. ఇక్కడివాళ్లకు ఒక మాట: కర్ర ఒక్కటే కదా అని ఊళ్లో వడ్రంగికి ఇచ్చేయకండి. ఆయుధాల చట్టంలో తుపాకీ భాగాలు కూడా ఆయుధాల లెక్కే. లైసెన్సున్న గన్‌స్మిత్‌కే ఇవ్వండి, రసీదు తీసుకోండి.

మరి నూనె రాయాలంటే ఏది రాయాలి? మా దగ్గర చాలామంది కొబ్బరినూనె రాస్తుంటారు.

కొయ్యపని
కొబ్బరినూనె వద్దే వద్దండి. నువ్వుల నూనె, ఆముదం కూడా వద్దు. అవి గాలికి గట్టిపడవు. పైన జిడ్డుగా ఉండి దుమ్ము పట్టి, కొన్నాళ్లకు కంపు కొడతాయి. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పొరగా మారుతుంది, కర్రకు దాన్ని వాడేది అందుకే. పచ్చి అవిసె నూనె ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. డబ్బా మీద "బాయిల్డ్" అని ఉన్నదాంట్లో ఆరబెట్టే లోహ లవణాలు కలుపుతారు, ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. తినడానికి అమ్మే అవిసె నూనెలో పాడవకుండా విటమిన్ ఇ కలిపి ఉంటే ఇంకా ఆలస్యం.

చాలా పలచగా రాయాలి. అరచేతితో వేడి పుట్టేలా రుద్ది, పావుగంట తర్వాత మిగిలిందంతా తుడిచేయాలి. తుడవకపోతే బంకలా నిలిచి, బూజు పట్టేది అక్కడే. తేమ ఊళ్లలో ఆఖరి కోటు బాగా ఆరాక పైన తేనెమైనం పలచగా రుద్దండి.

తుడిచిన గుడ్డలను ముద్దగా మూలన పడేయకండి. ఆరేటప్పుడు నూనె వేడి పుట్టిస్తుంది, మడతల్లో ఆ వేడి బయటికి పోక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. బయట విడివిడిగా తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి. ఈ విషయంలో నిర్లక్ష్యంతో వర్క్‌షాపులు తగలబడ్డాయి.

టెక్సాస్ తెలుగు
గోరు పరీక్ష చేశాను. బట్టు దగ్గర కర్ర ఇంకా ఎత్తుగానే ఉంది! ఎడమవైపు మురికి కింద చిన్న ముద్ర ఒకటి లీలగా కనిపిస్తోంది. ఉప్పుకాగితం ఆలోచన మానేశాను. స్పిరిట్స్, సుద్ద పొడి తెచ్చాను. కానీ పైపూత మీద నాకింకా తేలలేదు. హ్యూస్టన్ తేమకు పచ్చి నూనె సరిపోతుందా, టంగ్ వాడాలా?

పాతసామాను
ఏసీ ఇంట్లో బీరువాలో ఉండే తుపాకీకి హ్యూస్టన్ తేమ పెద్దగా తగలదు. అసలు ఫ్యాక్టరీలో వాడింది పచ్చి లిన్‌సీడే, దాన్నే వాడండి. టంగ్ నీటికి కొంచెం మెరుగే, కానీ ఆరాక కాస్త పాలిపోయినట్టు కనిపిస్తుంది. పాత లిన్‌సీడ్ ముదురు ఎరుపు పక్కన అతకదు.

కొయ్యపని
నేను ఒప్పుకోను. టంగ్‌ను సగానికి సగం టర్పెంటైన్‌తో పలచన చేసి రాస్తే అంత తేడా తెలియదు. హ్యాండ్‌గార్డ్ (గొట్టాన్ని పైనుంచి కప్పే కర్ర) లోపలివైపు, ఎవరికీ కనిపించని చోట, రెండూ పక్కపక్కన రాసి ఆరనిచ్చి చూడండి. మీ కర్రే చెబుతుంది. బూజు భయం ఉంటే మాత్రం నా ఓటు టంగ్‌కే.

పాత ఎన్‌సీసీ
ఏ నూనె రాసినా డ్రాస్ మీద మాత్రం రాయకండి, అక్కడ గట్టిదనమే కావాలి. విప్పాక ఆ చోటు ఫోటో పెట్టండి, మెత్తబడిందో లేదో చూసి చెబుతాం. అతుకు ముక్కది కూడా ఒకటి దగ్గరగా తీయండి, అది ఎటు నార చూసి వేశాడో చూడాలని ఉంది.