ఇంట్లో 11 మంది, 14 రోజుల క్వారంటైన్: పది మందీ ఒకేసారి ఆడే ఆటలు కావాలి

పెద్దలోగిలి:
ఎండలు ముదురుతున్న టైములో ఇంటికి 14 రోజుల క్వారంటైన్ వచ్చి పడింది. ఒకరు విడిగా గదిలో ఉన్నారు. హాల్లో పది మంది: 5, 8, 9 ఏళ్ల పిల్లలు, టీనేజీ వాళ్లు ఇద్దరు, పెద్దవాళ్లం ముగ్గురం, 70 దాటినవాళ్లు ఇద్దరు. పేకముక్కల కట్ట ఒకటి, ఏ4 కాగితాలు, పెన్నులు, ఫోన్లు ఉన్నాయి. క్యారమ్స్ బోర్డు ఉంది గానీ నలుగురు ఆడుతుంటే ఆరుగురు చూస్తూ కూర్చోవాలి, పావుగంటకే గొడవ. గదిలో ఉన్న మనిషిని కూడా కలుపుకునేవి ఉంటే మరీ మంచిది. సినిమా పెట్టుకోండి అని మాత్రం చెప్పకండి.

కాగితంపురుగు:
గొడవకి మూలం మీరే చెప్పేశారండీ: వంతు. మనిషికి నిమిషం చొప్పున వేసుకున్నా పది మందిలో మళ్లీ తన దాకా రావడానికి 9 నిమిషాలు. అయిదేళ్ల పిల్ల అంతసేపు ఎక్కడ ఆగుతుంది? అందరి చేతులూ ఒకేసారి కదిలే ఆటలే చూసుకోండి.

అందులో మొదటిది బొమ్మ-వాక్యం గొలుసు. 14 కాగితాలు తీసుకుని ఒక్కోదాన్ని 8 ముక్కలు చేస్తే 112 చీటీలు. మనిషికి 11 చొప్పున కట్టలు కట్టి, 1 నుంచి 11 దాకా నంబర్లు వెయ్యండి. నంబర్లు లేకుండా కట్ట ఒక్కసారి చెయ్యిజారిందా, ఆట అక్కడితో సరి. 1వ చీటీ మీద ప్రతివాళ్లూ ఒక వాక్యం రాస్తారు, "ఏనుగు గొడుగు పట్టుకుని బస్సెక్కింది" లాంటిది. 2వ చీటీ మీద దాని బొమ్మ తామే వేసి కట్టని కుడివైపు ఇస్తారు. అందుకున్నవాళ్లు పై బొమ్మ చూసి, దాన్ని కట్ట అడుక్కి తోసేసి, 3వ చీటీ మీద ఏం అర్థమైందో రాస్తారు. ఆ పక్కవాళ్లు ఆ రాసింది మాత్రమే చూసి 4వ దాని మీద బొమ్మ వేస్తారు. అలా 11వ చీటీ దాకా. బొమ్మకి 60 సెకన్లు, రాతకి 30. అంటే 8 నిమిషాల్లో పది కట్టలూ తయారు, చదివి నవ్వుకోవడానికి ఇంకో ఇరవై నిమిషాలు.

సొంత వాక్యానికి సొంతంగా బొమ్మ వెయ్యడం సరిసంఖ్యలో ఆడుతున్నప్పుడే. 9 మందో 11 మందో ఉంటే వాక్యం రాసి నేరుగా ఇచ్చెయ్యాలి, చీటీలు కూడా ఎంతమంది ఉంటే అన్నే. ఈ తేడా మరిచిపోతే ఆఖరి చీటీ బొమ్మ అవుతుంది, మొదటి వాక్యంతో పోల్చుకునే సరదా పోతుంది.

రాయడం రాని పాపని చూపు ఆనని పెద్దవాళ్లతో జత కలపండి. బొమ్మ పాపది, రాత పెద్దవాళ్లది. అప్పుడు ఆడేది 9 కాబట్టి పై లెక్క మారుతుంది, చూసుకోండి. చదివి వినిపించే పని మాత్రం నవ్వకుండా చదవగల మనిషికి అప్పజెప్పండి.

ముక్కలవేట:
పేకతో అయితే గాడిద ఆట. మనిషికి నాలుగు ముక్కలు కాబట్టి పది మందికి 40. మూడు రకాలు, అంటే ఏవైనా మూడు అంకెలవి నాలుగేసి చొప్పున 12 ముక్కలు తీసేయండి. ఒకే అంకెవి నాలుగు చేతికి రావాలి, అదే లక్ష్యం. ఒకరు "ఒకటి, రెండు, మూడు" అనగానే అందరూ అక్కర్లేని ముక్కని బోర్లా ఎడమపక్కకి జరపాలి. నాలుగూ కలిసినవాళ్లు నోరెత్తకుండా చెయ్యి నేలమీద పెడతారు, అది గమనించినవాళ్లు పైన చెయ్యి వేస్తారు. అందరికన్నా ఆఖరివాళ్లకి ఒక అక్షరం: గా, తర్వాత డి, తర్వాత ద.

తగువు వచ్చేది ఎక్కడంటే, "మూడు" అనకముందే పక్కవాళ్ల ముక్క ఎత్తేస్తారు. ఒకరి దగ్గర అయిదు, ఇంకొకరి దగ్గర మూడు. అందుకే ముక్క నేల మీద జరపాలి తప్ప చేతికి ఇవ్వకూడదు. గాడిద అయినవాళ్లని బయటికి పంపకండి, లెక్క పెట్టే పనీ పక్కవాళ్ల దృష్టి మళ్లించే పనీ వాళ్లవి. మోకాళ్లు వంగని పెద్దవాళ్లుంటే బల్ల చుట్టూ ఆడండి.

మాఫియా ఆట, అంటే గుట్టుగా మాఫియా అయినవాళ్లెవరో మిగతావాళ్లు పసిగట్టే ఆట కూడా చాలామంది చెప్తారు. ఒకరు నడిపించాలి, మిగతావాళ్లలో ఇద్దరు మాఫియా, ఒక డాక్టరు, ఒక పోలీసు. అయిదేళ్ల పిల్లకి రహస్యం దాగదు కాబట్టి పిల్లలు పడుకున్నాక పెట్టుకోండి.

గళ్లనోటు:
గదిలో ఉన్నవాళ్ల సంగతి. తలుపు దగ్గర నిలబడి అరుచుకోవద్దు, ముక్కలూ చీటీలూ అటూ ఇటూ పంపొద్దు. ఫోన్ స్పీకర్ మీద ఓడల ఆట ఆడండి, అంటే గళ్లలో దాచిన ఎదుటివాళ్ల ఓడలు ఎక్కడున్నాయో గడి పేరు చెప్పి కొట్టడం. ఇద్దరి దగ్గరా 10×10 గళ్లు, 5, 4, 3, 3, 2 గళ్ల ఓడలు, మొత్తం 17 గళ్లు. అటు ఒక్కరు, ఇటు హాలంతా ఒక జట్టు.

అడ్డువరసలకి క, గ, ట, డ అని పెట్టారో ఫోన్లో ఒకటి చెప్తే ఇంకోటి వినపడుతుంది. వరసలకి అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ, ఉడుత, ఊయల, ఎలుక, ఏనుగు, ఒంటె, ఓడ అని పేర్లు పెట్టుకోండి. సరిగ్గా పది. "ఊయల 7" అంటే పొరపాటు పడేవాళ్లుండరు, పాపకీ నోరు తిరుగుతుంది.

లేదా ఆయన/ఆమె ఒక వస్తువు తలుచుకుంటే హాలు 20 ప్రశ్నల్లో పట్టుకోవాలి, జవాబు అవును లేదా కాదు మాత్రమే. ప్రతి ప్రశ్నా మిగిలినవాటిని సగానికి సగం కోస్తే 20 ప్రశ్నలకి 10,48,576 వస్తువుల్లోంచి ఒకటి తేలుతుంది. "కుర్చీయా?" అని మొదలుపెడితే మాత్రం ప్రశ్న వృథా. "ప్రాణమున్నదా?" అనాలి.

చీకటిగది:
ఎండ ఉంది కదా, దాన్నీ వాడుకోండి. పడమటి కిటికీ ఉన్న గదిని పొద్దున 8-10 మధ్య చీకటి చెయ్యండి. ఆ వేళకి బయట ఎదురుగా ఉన్న గోడల మీదా చెట్ల మీదా ఎండ పడుతుంది, కిటికీ మీద పడదు. కిటికీకి అట్టముక్కలు అంటించి మధ్యలో 1 సెంటీమీటరు రంధ్రం చేస్తే బయటి దృశ్యమంతా గదిలో ఎదుటి గోడ మీద తలకిందులుగా, రంగుల్లో కనిపిస్తుంది. కాకి ఎగిరితే గోడ మీద కిందుగా ఎగురుతుంది.

కనపడట్లేదంటే తప్పు రంధ్రానిది కాదు, అట్ట అంచుల్లోంచి కారే వెలుతురుది. అంచులన్నీ దుప్పటితో మూసి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా 10 నిమిషాలు ఆగండి. అయినా మసకగా ఉంటే తెల్ల దుప్పటిని తెరలా రంధ్రానికి దగ్గరగా పట్టుకోండి. దూరం సగమైతే బొమ్మ చిన్నదవుతుంది గానీ వెలుగు నాలుగింతలు. మూసిన గది ఉడికిపోతుంది కాబట్టి అయిదుగురేసి, పావుగంట చాలు. రంధ్రంలోంచి సూర్యుణ్ణి చూడనివ్వకండి.

పెద్దలోగిలి:
చీటీల ఆట ఇవాళే మొదలెట్టాం. ఫ్యాన్ వేస్తే చీటీలు ఎగిరిపోతున్నాయి, ఆపితే ఉక్క.

కాగితంపురుగు:
కట్టకి పై అంచున ఒక బట్టల క్లిప్పు పెట్టండి. చీటీని అడుక్కి తోసేటప్పుడు క్లిప్పు తీసి మళ్లీ పెట్టుకోవాలి, రెండు సెకన్ల పని. పేకకి క్లిప్పు కుదరదు గానీ కింద మందపాటి దుప్పటి పరిస్తే ముక్క జారదు.