సైనికుడి బాకీ సొమ్ము పత్రం కొన్నవాడికి దక్కడం న్యాయమా? 1790 నాటి అమెరికా చర్చ

కృష్ణాతీరం:
అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిసే నాటికి సైనికుల జీతాలు ఇవ్వడానికి ఖజానాలో డబ్బు లేదు. చేతిలో బాకీ పత్రాలు పెట్టి ఇళ్లకు పంపేశారు. వాటి మీద వడ్డీ సరిగా రాలేదు, అసలు వస్తుందన్న ఆశ కూడా పోయింది. ఇంటి ఖర్చులకీ పన్నులకీ చేతిలో చిల్లిగవ్వ లేక చాలామంది డాలరు పత్రాన్ని 10, 20 సెంట్లకు అమ్మేసుకున్నారు.

1790 జనవరిలో ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్, పత్రం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటే వాళ్లకే పూర్తి విలువ లెక్కగట్టి కొత్త బాండ్లు ఇద్దామన్నారు. ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ సభ్యుడు జేమ్స్ మాడిసన్ అడ్డు చెప్పారు. కొన్నవాడికి మార్కెట్లో పలికిన గరిష్ఠ ధర ఇద్దాం, మిగతాది మొదట పత్రం పుచ్చుకున్నవాడికి ఇద్దాం అన్నది ఆయన ప్రతిపాదన. ప్రతినిధుల సభలో అది 13-36 ఓట్లతో ఓడిపోయింది. నా దృష్టిలో మాడిసన్ వైపే న్యాయం ఉంది. మీరేమంటారు?

లెడ్జర్:
నేను ఒప్పుకోను. అమ్మినవాడు అమ్మాడు, కొన్నవాడు కొన్నాడు. 1786లో ఆ పత్రం కొన్నవాడికి అది చిత్తుకాగితం అయిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. ధర పెరిగాక వచ్చి నీ లాభం చెల్లదంటే రేపు ప్రభుత్వ బాండును ఎవరు ముట్టుకుంటారు? కొన్నవాళ్లందరూ రాబందులు కూడా కాదు. తర్వాత అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ భార్య అబిగేల్ ఇంటి పొదుపు సొమ్ముతో ఇలాంటి పత్రాలే కొన్నారు. పైగా 1783లో కాంగ్రెస్ తరఫున రాష్ట్రాలకు పంపిన విజ్ఞప్తిలో, అప్పిచ్చినవాళ్ల మధ్య తేడాలు చూపడం అనవసరమని రాసింది ఈ మాడిసనే.

ఫలితం కూడా చూడండి. 1803లో ఫ్రాన్స్ నుంచి లూసియానా ప్రాంతం కొనడానికి కోటిన్నర డాలర్లు అవసరమైతే, అందులో 1 కోటి 12 లక్షల 50 వేలు 6 శాతం బాండ్ల రూపంలోనే ఇచ్చారు. లండన్ బేరింగ్స్, ఆమ్‌స్టర్‌డామ్ హోప్ బ్యాంకింగ్ సంస్థలు వాటిని తీసుకున్నాయంటే 1790లో మాట నిలబెట్టుకోవడం వల్లే.

కృష్ణాతీరం:
లెడ్జర్ గారూ, ఐరోపా వాళ్ల నమ్మకం మాడిసన్ మాట నెగ్గితే పోయేది కాదు. ఫ్రాన్స్‌కీ, డచ్చి బ్యాంకర్లకీ ఉన్న బాకీ పూర్తిగా తీర్చాలన్న విషయంలో సభలో పేచీయే లేదు. స్వదేశీ బాకీ విషయంలో కూడా ఖజానా నుంచి వెళ్లే మొత్తాన్ని మాడిసన్ తగ్గించమనలేదు, దాన్ని ఇద్దరికీ పంచమన్నారు.

1786లో కొన్నవాడు రిస్క్ తీసుకున్నాడు, సరే. మరి హామిల్టన్ ప్రతిపాదన నివేదికగా సభకు వచ్చాక కొన్నవాళ్ల సంగతేమిటి? జార్జియా సభ్యుడు జేమ్స్ జాక్సన్ ఆ జనవరిలోనే సభలో లేచి చెప్పారు: ఈ న్యూయార్క్ రేవు నుంచి పక్షం రోజుల్లో మూడు ఓడలు దక్షిణాదికి బయలుదేరాయి, వార్త తెలియని జనం దగ్గర పత్రాలు కొనెయ్యడానికే అని. అమ్మే మనిషికి తెలియనిది కొనే మనిషికి తెలుసు. దీన్ని రిస్క్ అని ఎలా అంటాం? హామిల్టన్ ఇందులో సొంతానికి లాభపడలేదు, అది నిజం. కానీ ఆయన కింద పనిచేసిన విలియం డ్యూయర్ బాండ్లలో, బ్యాంకు షేర్లలో సట్టా ఆడి, 1792 మార్కెట్ పతనంలో దివాలా తీసి జైలుకెళ్లాడు.

అసలు హక్కుదారుల్ని వెతికి పట్టుకోవడం అసాధ్యమని అప్పట్లో వాదించారు. 1818లో పేద సైనికులకు పింఛను చట్టం చేశారు కదా, మామూలు సైనికుడికి నెలకు 8 డాలర్లు. తొమ్మిది నెలల సర్వీసుకు రుజువు అడిగారు. దశాబ్దాల తర్వాత వేలమంది ముసలివాళ్లు కోర్టులకొచ్చి రుజువు చూపించారు. అప్పుడు దొరికిన మనుషులు 1790లో దొరకరా?

పల్నాటిపిల్ల:
మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. ఆ కొత్త బాండ్ల మీద వడ్డీ ఎవరి జేబులోంచి వచ్చిందో కూడా చూడండి. 1791లో విస్కీ మీద సుంకం వేశారు. పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు ధాన్యాన్ని అలెఘనీ కొండలు దాటించే ఖర్చు భరించలేక విస్కీగా మార్చి అమ్ముకునేవాళ్లు, చాలాచోట్ల అదే డబ్బులా చెలామణీ అయ్యేది. 1794లో వాళ్లు తిరగబడితే వాషింగ్టన్ దాదాపు 13 వేల సైన్యాన్ని నడిపించారు. పత్రం చౌకగా అమ్ముకున్న సైనికుడు ఆ ప్రాంతంలో ఉంటే, దాన్ని కొన్నవాడి వడ్డీకి సుంకం కూడా తనే కట్టాలి.

లెడ్జర్:
ఆ సుంకం భారం అన్యాయంగా పడిందన్నది ఒప్పుకుంటాను. పింఛను పోలిక మాత్రం కుదరదు. ఫలానా మనిషి యుద్ధంలో ఉన్నాడని చెప్పడానికి తోటి సైనికుడి సాక్ష్యం చాలు. నాలుగు చేతులు మారిన పత్రం ఎవరిది, ఎంతది అని తేల్చడం వేరు. చాలా పత్రాలు గుమస్తాల పేర్ల మీదే జారీ అయ్యాయి. సైనికుడికి సాయం చెయ్యాలంటే కొన్నవాడి వాటా కొయ్యకుండా విడిగా పింఛను ఇవ్వాల్సింది. మాడిసన్ ఎనిమిదేళ్లు అధ్యక్షుడిగా ఉన్నారు, ఆ చట్టం మాత్రం ఆయన దిగిపోయిన మరుసటి ఏడు మన్రో హయాంలో వచ్చింది.

కృష్ణాతీరం:
విడిగా పింఛను అనడం తేలికే. అది ఎలా ఇచ్చారో చూడండి. 1820లో నిబంధన బిగించి, నువ్వు నిజంగా పేదవాడివేనని ఆస్తి జాబితా ఇవ్వమన్నారు. యుద్ధం గెలిపించిన ముసలివాళ్లు కోర్టులో నిలబడి ఆవులు, కుండలు, కుర్చీలు, అప్పులు వరసపెట్టి చదవాల్సి వచ్చింది. యార్క్‌టౌన్ ముట్టడిలో పాల్గొన్న జోసెఫ్ ప్లమ్ మార్టిన్ వాళ్లలో ఒకరు. ఆయన మెయిన్ ప్రాంతంలో సాగు చేసుకున్న భూమి తనదని హక్కు చూపించింది మాజీ యుద్ధ మంత్రి హెన్రీ నాక్స్. చివరికి మార్టిన్‌కు దక్కింది ఏడాదికి 96 డాలర్లు.

1790లో ఇచ్చి ఉంటే అది సంపాదించిన జీతం అయ్యేది. 1820లో పేదరికం నిరూపించుకుంటే తప్ప దక్కని సాయం అయింది. పత్రం కొన్నవాడిని మాత్రం నీ ఇంట్లో ఏముందో చెప్పమని ఎవరూ అడగలేదు. లెడ్జర్ గారూ, ఈ తేడాకి మీ జవాబేమిటి?