బడిలోకి పోలీసు కుక్కను పిలవాలా, వద్దా?

కమిటీ మెంబర్, దేవరకొండ వైపు
మా ఊరి హైస్కూల్ కమిటీలో నేనూ ఒకణ్ని. పోయిన వారం గ్రౌండ్ గోడ వెనక గంజాయి చుట్టుకునే కాగితాలు, ఒక చిన్న పొట్లం దొరికాయి. బడి పిల్లలవేనని గ్యారంటీ లేదు. చీకటి పడితే ఆ గోడ మీద ఊళ్లో పోరగాళ్లంతా కూర్చుంటారు. మీటింగులో ఒకాయన లేచి, "డ్రగ్స్ పట్టే కుక్కను తెప్పిద్దాం, తొమ్మిది, పది తరగతుల బ్యాగులు వాసన చూపిద్దాం" అన్నాడు. సగం మంది చప్పట్లు కొట్టారు. హెడ్‌మాస్టర్ సారు మాత్రం శనివారం మళ్లీ కూర్చుందాం అని లేచిపోయారు. మా పాప అక్కడే తొమ్మిది చదువుతోంది. నాకు ఎటూ తేలడం లేదు, మీరేమంటారు?

లారీ అన్న, నకిరేకల్
తెప్పించాలి. ఇందులో ఆలోచించడానికేముంది? ఇరవై ఏళ్లుగా విజయవాడ హైవే మీద బండి నడుపుతున్నా. సీలేరు, మల్కన్‌గిరి వైపు నుంచి వచ్చే గంజాయి భద్రాచలం, సూర్యాపేట మీదుగా మా కళ్ల ముందు నుంచే హైదరాబాద్ పోతుంది. ఒకసారి టోల్‌గేట్ దగ్గర నా లోడు మీదికీ కుక్కను ఎక్కించారు. నేనేం చిన్నబుచ్చుకోలేదు, టీ తాగి వచ్చేలోపు వాళ్ల పని అయిపోయింది. 2024లో కొత్తూరులో బడి పక్క పాన్‌డబ్బాలో గంజాయి చాక్లెట్లు అమ్మారని పేపర్లలో వచ్చింది, మర్చిపోయారా? మన పిల్లల సంగతి అందరికంటే ఆఖరున తెలిసేది మనకే.

లెక్కల సారు, మహబూబ్‌నగర్
లారీ అన్నా, లోడు వేరు, పిల్లగాడు వేరు. ఒక చిన్న లెక్క చూడండి. అంకెలు ఉదాహరణకే. బడిలో 500 మంది, అందులో అయిదుగురి దగ్గర సరుకుంది. కుక్క ఆ అయిదుగురినీ పట్టింది, మిగతావాళ్ల దగ్గర నూటికి అయిదుసార్లే పొరపడింది అనుకుందాం. సరుకుందని చూపడానికి కుక్క ముందు కూర్చుంటుంది కదా, అట్లా 495 మందిలో దాదాపు 25 మంది ముందు ఊరికే కూర్చుంటుంది. మొత్తం 30 మందిని పక్కకు నిలబెడితే 25 మంది ఏ పాపం తెలియనివాళ్లు.

నిజం అంకె కావాలంటే ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ప్రభుత్వ శాఖల తీరును విచారించే అధికారి, అంబుడ్స్‌మన్, 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం, కుక్కలు పదివేలకు పైగా సార్లు మనుషుల్ని చూపిస్తే సరుకు దొరికింది నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువసార్లు, అంతే. అది వీధుల్లో, రైల్వే స్టేషన్లలో, బార్లలో పెద్దవాళ్ల సంగతి. దొరకనివాళ్లలో చాలామంది ఎప్పుడో తాగామనో, తాగేవాళ్ల పక్కన ఉన్నామనో చెప్పారు. ఇంట్లో మామ పీల్చిన పొగ పిల్లగాడి స్వెటర్‌కు పడితే అదెవరి లెక్కలో రాస్తారు?

ఇంకొకటి. 2011లో కాలిఫోర్నియాలో ఒక పరీక్ష పెట్టారు. ఏ సరుకూ లేని గదుల్లోకి 18 కుక్కలను, వాటిని పట్టుకుని నడిపే హ్యాండ్లర్లను పంపారు. లోపల సరుకు ఉండొచ్చని హ్యాండ్లర్లకు ముందే చెప్పారు. 144 సార్లు వెతికితే తప్పుడు సూచనలు 225. కుక్క వాసన ఒక్కటే చూడదు, పట్టుకున్నవాడి ముఖమూ చూస్తుంది. "ఆ చివరి బెంచీ మీద కొంచెం అనుమానం సార్" అని ఏ టీచరో అంటే చాలు.

లారీ అన్న, నకిరేకల్
సరే సారు, 25 మంది బ్యాగు విప్పి చూపిస్తే పోయేదేముంది?

జడ్చర్ల అమ్మ
పోయేదేముందో నేను చెప్తానన్నా. మా వాడు ఏడో తరగతిలో ఉన్నప్పుడు క్లాసులో ఎవరివో రెండు వందలు పోయాయి. ముగ్గురి బ్యాగులు అందరి ముందు విప్పించారు, అందులో మావాడిదొకటి. మర్నాడు ఆ డబ్బులు అటెండెన్స్ రిజిస్టర్‌లోనే దొరికాయి. అయినా పదో తరగతి అయ్యేదాకా వాడి పేరు "రెండొందలు". ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు, ఆ దోస్తులు కలిస్తే ఇప్పటికీ అదే పిలుపు. ఇక "గంజాయి" అని పేరు పడితే?

మా దగ్గర ముస్లిం పిల్లలు కూడా చాలామందే చదువుతారు. కుక్క మూతి తడి బట్టలకు తగిలితే కడుక్కోకుండా నమాజ్‌కు నిలబడరు. వీధికుక్క కరిచి సూదులు వేయించుకున్న పిల్లలు ఏ బడిలోనైనా ఉంటారు. వాళ్లు బెదిరి పక్కకు జరిగినా అనుమానమే అవుతుంది.

వకీలు, మిర్యాలగూడ
ఇలాంటిదే అమెరికాలో జరిగింది. 1979లో ఇండియానా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి బడుల్లో కుక్కలను తిప్పారు. పదమూడేళ్ల అమ్మాయి దగ్గర కుక్క ఆగింది. జేబులు ఖాళీ చేయించారు, ఏమీ లేదు. అయినా కుక్క వదల్లేదు. పక్క గదిలోకి తీసుకెళ్లి బట్టలు విప్పించి చూశారు, అప్పుడూ ఏమీ లేదు. ఆ పొద్దున ఆ పాప తన ఇంటి కుక్కతో ఆడుకుని వచ్చింది, అది ఎదకు వచ్చి ఉంది. ఆ వాసన! బట్టలు విప్పించడం తప్పని కోర్టు అన్నది కానీ, కుక్కను తిప్పడం తప్పు కాదన్నది. కాబట్టి ఈ కేసును కుక్క కావాలనేవాళ్లూ, వద్దనేవాళ్లూ వాడుకోవచ్చు. కెనడా సుప్రీంకోర్టు 2008లో మాత్రం, అనుమానానికి కారణమేదీ లేకుండా పోలీసులు కుక్కతో బడి మొత్తం గాలించడం చెల్లదన్నది. ఆ కేసులో బ్యాగులో సరుకు నిజంగానే దొరికింది, అయినా సరే.

మన దగ్గర మత్తు పదార్థాల మీద 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. ఒంటి మీద వెతికే ముందు గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరికో, మేజిస్ట్రేట్ దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కు ఉందని 50వ సెక్షన్ చెబుతుంది. ఆడవాళ్లను ఆడవాళ్లే వెతకాలి. బ్యాగుకు మాత్రం ఈ సెక్షన్ వర్తించదు. కమిటీ వాళ్లకు ఇది తెలియకుండానే చప్పట్లు పడ్డాయనుకుంటా. పద్దెనిమిది దాటని పిల్లలైతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కిందికి వస్తారు, వాళ్లను లాకప్‌లో పెట్టకూడదు. అదే చట్టంలో 77వ సెక్షన్ చూడండి: పిల్లలకు మత్తు పదార్థం ఇచ్చినవాడికి ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పిల్లగాణ్ని పట్టుకోవడం సులువు, ఇచ్చినవాణ్ని పట్టుకోవడమే కష్టం. అందుకే అందరి చూపూ బ్యాగుల మీదికి పోతోంది.

లారీ అన్న, నకిరేకల్
సరుకు దొరికినా చెల్లదన్నారా! అట్లయితే ఇంకేం పట్టుకుంటారు సార్?

పాత కానిస్టేబుల్, వనపర్తి
నేను డాగ్ స్క్వాడ్ వాళ్లతో కలిసి పనిచేసినవాణ్ని. మొయినాబాద్‌లో శిక్షణ అయ్యాక కుక్కకూ హ్యాండ్లర్‌కూ జోడీ కుదురుతుంది. కుక్క మంచిదే, దాన్ని తిట్టకండి. కానీ ఎండాకాలం మన పాలమూరులో పది దాటాక అది నాలుక బయటపెట్టి రొప్పుతుంటే వాసనేం పడుతుంది? మధ్యమధ్య విశ్రాంతి కావాలి. అయిదారు వందల బ్యాగులంటే ఒక పూటలో తేలే పని కాదు.

ఇంకో మాట. కుక్క నేర్పిన వాసనే పడుతుంది. మన జిల్లా అసలు రోగం కల్తీ కల్లు, అందులో కలిపేది అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమత్తు మందులు. పిల్లలు పీల్చే వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ అయితే కిరాణా కొట్లో దొరికే సరుకే. గంజాయి నేర్చిన కుక్క వాటి పక్క నుంచి తోక ఊపుకుంటూ పోతుంది. అప్పుడు మీరు "మా బడి క్లీన్" అని ఫోటో దిగుతారు.

దాన్ని పాన్‌డబ్బాల మీదికి, బస్టాండ్‌కి, పార్సిల్ ఆఫీసుకి తీసుకెళ్లండి. అక్కడ దాని విలువ కనిపిస్తుంది.

కమిటీ మెంబర్, దేవరకొండ వైపు
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి మా పాపను అడిగా, కుక్కను తెస్తే నీకెట్లా ఉంటుందని. "టిఫిన్ బాక్సులో చికెన్ ఉంటే నన్నే పట్టుకుంటుందా నాన్నా?" అంది. నవ్వాను కానీ తర్వాత నిద్ర పట్టలేదు.

శనివారం చెప్పబోయేది ఇదీ. కుక్కను పిల్లల లైన్ల మధ్యకు వద్దు. గోడ దగ్గర లైటు వేయించాలని పంచాయతీకి రాసిద్దాం. బడికి వంద గజాల లోపల సిగరెట్, గుట్కా అమ్మకూడదని 2003 నుంచే చట్టం ఉంది, గేటు ఎదురుగా ఉన్న డబ్బా సంగతి ముందు తేల్చాలి. పొట్లం గురించి డ్రగ్స్ సమాచారం ఇచ్చే పోలీసు నంబర్ 1908కి ఫోన్ చేసి చెబుదాం, కావాలంటే కుక్కను ఆ గోడ వెనకకు, డబ్బాకు తెచ్చుకోమందాం. ఏ పిల్లగాడైనా అలవాటు పడ్డాడని తేలితే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయడం ముందు, టీసీ ఇవ్వడం కాదు. ఈ చివరిదానికే గొడవ అవుతుందనుకుంటున్నా, పోయినసారి టీసీ ఇచ్చి పంపాలని అరిచినవాళ్లే ఎక్కువ.

లారీ అన్న, నకిరేకల్
నాకింకా మనసొప్పడం లేదు తమ్మీ, కానీ రెండొందల ముచ్చట విన్నాక గట్టిగా అనలేకపోతున్నా. శనివారం ఏమైందో రాయి. ఆ డబ్బా ఎవరి మనిషిదో, దాన్ని ఎవరు లేపుతారో అది కూడా రాయి.