నవంబరు 7 నుంచి చలికాలమట, నాకేమో చెమటలు: చైనా ఋతువుల పట్టిక వైజాగ్‌లో ఎలా పాటించాలి?

పెదవాల్తేరు_పిల్ల:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

ఫిబ్రవరి నుంచి ఆన్‌లైన్‌లో చీగాంగ్ (నిదానమైన కదలికలు, ఊపిరి కలిపి చేసే చైనా సాధన) నేర్చుకుంటున్నాను. మెడనొప్పి కోసం మొదలుపెట్టాను, మెడ సంగతి నిజంగానే మెరుగైంది, అందుకే మానేయాలని లేదు. తంటా ఎక్కడొచ్చిందంటే, కదలికలతో పాటు "ఋతువుతో కలిసి నడవాలి" అని మాకో పట్టిక ఇచ్చారు. ఏడాదిని 24 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏం తినాలి, ఎన్నింటికి పడుకోవాలి, ఏ అవయవానికి ఏ శబ్దం పలకాలి, అన్నీ రాసి ఉన్నాయి. తేదీ రాగానే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

నవంబరు 7న వచ్చింది: చలికాలం మొదలైంది, ఇక నుంచి పెందలాడే పడుకోండి, ఎండ వచ్చాకే లేవండి, నడుముకి వెచ్చగా ఏదైనా చుట్టుకోండి, అల్లం వేసిన మటన్ సూప్ తాగండి, చెమట పట్టే పని ఏదీ చేయకండి. ఇది చదువుతున్నప్పుడు మా ఇంట్లో ఫ్యాను అయిదు మీద తిరుగుతోంది, అయినా జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. చెమట పట్టకుండా వైజాగ్‌లో బతకడమెలాగో ఆ పట్టికలో లేదు. 22న ఇంకోటి: "చిన్న మంచు" మొదలట. ఆ రోజు ఇక్కడ వాయుగుండం, మా సందులో మోకాళ్ల దాకా నీళ్లు.

ఇంట్లో ఇంకో గొడవ. కార్తీక మాసం కదా, అమ్మ నాలుగున్నరకే లేచి తలస్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెడుతుంది. నన్నూ లేపుతుంది. "చలికాలంలో పొద్దెక్కాక లేవాలట అమ్మా" అంటే "ఎవరు చెప్పారే? చైనా వాళ్లా?" అంది. మటన్ సూప్ మాట నేను ఎత్తనే లేదు, ప్రాణం మీద ఆశ ఉంది.

తెలిసినవాళ్లు చెప్పండి. పట్టికని మన ఋతువులకి తగ్గట్టు మార్చుకోవచ్చా? మార్చుకుంటే సాధన చెడిపోతుందా? లేక తేదీలన్నీ వదిలేసి కదలికలు మాత్రం చేసుకోమంటారా?

బీచ్_ఆరింటికి:

తొమ్మిదేళ్లుగా చేస్తున్నానండి, మొదటి రెండేళ్లు మీలాగే తేదీలు పట్టుకుని వేళ్లాడాను. ఓ జనవరిలో స్వెట్టర్ వేసుకుని ఆర్కే బీచ్‌కి వెళ్లి నవ్వులపాలయ్యాక జ్ఞానోదయమైంది.

ముందు ఆ పట్టిక ఎక్కడిదో చూడండి. ఆ 24 ముక్కలు చైనా ఉత్తరాన పసుపు నది మైదానాల్లో రైతులు పెట్టుకున్న లెక్క. సూర్యుడు 15 డిగ్రీలు కదిలినప్పుడల్లా ఒక ముక్క. యునెస్కో 2016లో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. ఒక్కో ముక్కని మళ్లీ అయిదేసి రోజుల చొప్పున మూడుగా విడగొట్టి, అప్పుడు బయట ఏం కనబడుతుందో రాసుకున్నారు. మీ నవంబరు 7 ముక్కకి రాసినవి వినండి. మొదటి అయిదు రోజుల్లో నీళ్లు గడ్డకట్టడం మొదలవుతుంది, తర్వాత అయిదు రోజుల్లో నేల గడ్డకడుతుంది, ఆఖరి అయిదింట్లో అడవికోడి లాంటి పక్షి ఒకటి నీళ్లలోకి దూకి పెద్ద ఆల్చిప్ప అయిపోతుంది. మూడోది నేనింతవరకు మన బీచ్‌లో చూడలేదు. మొదటి రెండూ ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు.

అంటే వాళ్లు తేదీని చూసి చలి అనలేదు, కిటికీలోంచి చూసి చలి అన్నారు. మనం ఆ చూడటాన్ని వదిలేసి తేదీని తెచ్చుకున్నాం.

మీ మెసేజ్‌లోని నిద్ర సలహాలు హ్వాంగ్‌ది నెయ్‌జింగ్ అనే దాదాపు రెండు వేల ఏళ్ల నాటి వైద్య గ్రంథంలోవి, నాలుగు ఋతువులకీ నాలుగు పేరాలు ఉంటాయి. వసంతంలో ఆలస్యంగా పడుకుని పెందలాడే లేచి, జుట్టు విరబోసుకుని పెరట్లో పెద్ద పెద్ద అంగలతో నడవమంటుంది. వేసవిలో ఎండని విసుక్కోవద్దు, కోపం తెచ్చుకోవద్దు. శరత్తులో కోడితో పాటు లేవాలి. చలికాలంలో ఎండ కోసం ఆగాలి, చర్మంలోంచి చెమట రూపంలో వేడి బయటికి పోనివ్వకూడదు. డిసెంబరులో బీజింగ్‌లో సూర్యుడు వచ్చేసరికి ఏడున్నర అవుతుంది, పగలు తొమ్మిది గంటలకి కాస్త పైన, అదే జూన్‌లో పదిహేను గంటలు. అంత తేడా ఉన్నచోట ఋతువుకో నిద్రవేళ ఉండటం న్యాయమే. మనకి? పొట్టి పగలు పదకొండు గంటలు, పొడుగు పగలు పదమూడు దాటి ఓ పది నిమిషాలు, అంతే. నవంబరు మొదట్లో ఆరింటికే తెల్లారిపోతుంది. "ఎండ వచ్చాక లేవండి" అన్నది అక్షరాలా పాటించినా మీకు ఆరింటికి లేవాలనే వస్తుంది, అమ్మగారితో గొడవ గంటన్నర మీదే.

నేను చేసుకున్నదేంటంటే, వైజాగ్ ఏడాదిని మూడు ముక్కలు చేశాను: ఎండ, తేమ, చల్లదనం. శివరాత్రి వెళ్లాక మృగశిర కార్తె దాకా ఎండ. అక్కణ్నుంచి దీపావళి దాటేదాకా తేమ, ఇదే అన్నిటికంటే పెద్దది. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు చల్లదనం, దాన్ని చలి అనడానికి నాకు నోరు రాదు, జనవరి రాత్రి 18 డిగ్రీల దగ్గర ఆగిపోయేదాన్ని చలి అంటే అరకు వాళ్లు నవ్వుతారు.

వాళ్ల శాస్త్రం ప్రకారమే చూసినా ఇది తప్పు కాదు. ఒక్కో ఋతువుకి ఒక్కో అవయవాన్ని జత చేసే వాళ్ల అయిదు తత్వాల లెక్కలో నాలుగు ఋతువులే కాక, వేసవి చివర ఉక్కగా జిడ్డుగా ఉండే రోజుల్ని విడిగా అయిదోదిగా పెట్టి, దానికి ప్లీహాన్ని జత చేశారు. వాళ్ల ప్లీహమంటే మన స్కానింగ్‌లో కనబడే అవయవం ఒక్కటే కాదు, అరుగుదల వ్యవహారమంతా. దానికి శత్రువు తేమ. ఒళ్లు బరువు, నోరు జిగట, ఆకలి మందం... ఆగస్టులో విశాఖలో ఎవరిని అడిగినా ఇవే చెబుతారు. కాబట్టి మనూరికి వాళ్ల పట్టికలో ముఖ్యమైన పేజీ చలికాలం కాదు, ఆ ఉక్కకాలం. అక్కడ కొన్ని వారాలు, ఇక్కడ నాలుగున్నర నెలలు. ఆ నెలల్లో నేను ప్లీహానికి చెప్పిన "హూ" శబ్దం ఎక్కువ చేస్తాను, బాడ్వాన్‌జిన్‌లో, అంటే చీగాంగ్‌లోని ఎనిమిది కదలికల వరుసలో, మూడోదాన్ని రెట్టింపు చేస్తాను. ఒక అరచెయ్యి నెత్తి మీదకి ఆకాశాన్ని మోస్తున్నట్టు, రెండోది తుంటి పక్కన నేలని నొక్కుతున్నట్టు, రెండిటి మధ్యా పొట్ట పక్క నుంచి సాగుతుంది, తర్వాత చేతులు మారతాయి. మణికట్టు పూర్తిగా వంచకపోతే ఆ సాగడం రాదు, చాలామంది చెయ్యి ఎత్తేసి అయిపోయిందనుకుంటారు.

ఇంకోటి, సంబంధం లేకపోయినా చెప్తాను. ఆఖరిది ఉంది చూడండి, మడమలెత్తి ఏడుసార్లు దించేది, అది ఇసుకలో చేయకండి. మడమ దిగబడిపోయి అదురు పైకి రాదు, పైగా పిక్క పట్టేస్తుంది. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు కదా, ఆ గట్టి నేల మీద చెయ్యండి.

ఆకుపసరు:

పైన చెప్పింది బాగుంది. కానీ ఇంత దూరం పసుపు నది దాకా పోయినవాళ్లు పెరట్లో ఉన్నదాన్ని ఎందుకు వదిలేస్తారో నాకర్థం కాదు.

మన కార్తెలు ఏంటండీ? సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉన్నన్నాళ్లు ఒక్కో కార్తె, ఏడాదికి 27, ఒక్కోటి 13, 14 రోజులు. అదీ సూర్యుడి లెక్కే, అదీ రైతు లెక్కే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు అన్నది మే ఆఖర్న. చైనా పట్టికలో "మహా ఎండ" అని జూలై 22 దగ్గర వస్తుంది, అప్పటికి ఇక్కడ గొడుగులు తీసి నెల దాటిపోతుంది. మృగశిరకి బెల్లం ఇంగువ ఉండ మింగిన వాళ్లం మనం. ఋతువు మారింది, ఒంటికి గుర్తు చేయాలన్న ఆలోచన ఇక్కడా ఉంది.

ఆయుర్వేదంలో ఋతుచర్య అని అధ్యాయమే ఉంటుంది, చరక సంహితలోనూ, అష్టాంగహృదయంలోనూ. వానాకాలంలో జఠరాగ్ని మందగిస్తుంది, తేలిగ్గా తినమంటుంది. పై వారి ప్లీహం, తేమ కథ ఇంచుమించు ఇదే. పగటినిద్ర గ్రీష్మంలో ఒప్పుకుంటుంది, వానల్లో వద్దంటుంది. అయితే అన్నీ కలవవు, అక్కడ జాగ్రత్త. చలికాలం దగ్గరే చూడండి. చైనా వాళ్లు దాచుకోండి, అలిసిపోకండి అంటారు. మనవాళ్లేమో హేమంతంలో ఆకలి, బలం రెండూ బాగుంటాయి, నూనె రాసుకుని వ్యాయామం చేయండి అంటారు. బలం ఉన్నవాళ్లు కూడా సగం శక్తి వరకే, అదీ చలికాలంలో, వసంతంలో, మిగతా రోజుల్లో ఇంకా తక్కువ అని అష్టాంగహృదయం తేల్చి చెబుతుంది. నేల గడ్డకట్టే ఊళ్లో దాక్కోవాలి, గడ్డకట్టని ఊళ్లో ఆ నాలుగు నెలలే ఒళ్లు వంచడానికి మంచి రోజులు అని నేను అర్థం చేసుకున్నాను. మే నెల ఉక్కలో దండీలు, బస్కీలు తీసి డిసెంబరులో దుప్పటి ముసుగేస్తే మన దగ్గర అది తిరగబడ్డ లెక్క.

అమ్మగారి కార్తీక స్నానం జోలికి వెళ్లకండి. గెలవలేరు.

సి_షిఫ్ట్_రిటైర్డ్:

మీరంతా ఋతువులు అంటున్నారు. ముప్పై రెండేళ్లు ప్లాంటులో చేశాను అమ్మా, నాకు మూడే ఋతువులు, ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. చైనా వైద్యం లెక్కలో రాత్రి ఒంటిగంట నుంచి మూడు వరకు లివర్ టైము, అప్పుడు గాఢనిద్రలో ఉండాలి అని మా అల్లుడు ఓ వీడియో పంపాడు. ఆ టైములో నేను ఫర్నేసు ముందు నిలబడి టీ తాగేవాణ్ని. లివర్ బాగానే ఉంది, మోకాళ్లే పోయాయి.

నవ్వులాటకి అన్నాను గానీ, రిటైరయ్యాక రోజూ ఒకే టైముకి పడుకోవడం మొదలుపెట్టాను, అదొక్కటే నాకు మందులా పనిచేసింది. తేదీలు పట్టుకుని నెలకి రెండుసార్లు నిద్రవేళ మారిస్తే అది కూడా షిఫ్టు డ్యూటీయే కదా? ఒక్క నైట్ అలవెన్సు ఇవ్వరు, అంతే తేడా.

ఫిజియో_మద్దిలపాలెం:

నేను ఫిజియోథెరపిస్టుని. శక్తి, చీ, ఏ అవయవానికి ఏ ఋతువు, ఇవన్నీ ఆ సంప్రదాయపు భాష, కొలిచి చూపించేవి కావు. అలాగని కదలికల్ని కొట్టిపారేయను. చీగాంగ్‌కి చుట్టమైన తైచీ వల్ల పెద్దవాళ్లు పడిపోవడం తగ్గుతుందనడానికి మంచి ఆధారాలున్నాయి. మెడ నొప్పి తగ్గడం కూడా నాకేం వింతగా అనిపించలేదు, రోజూ ఇరవై నిమిషాలు భుజాలు మెల్లగా కదుపుతూ ఊపిరి నిదానంగా తీసుకుంటే బిగుసుకున్న మెడ వదులవుతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం రాసిపెట్టుకోండి. చెమట పట్టకూడదన్న మాట పట్టుకుని నీళ్లు తగ్గించొద్దు, మన ఊరి ఉక్కలో అది ప్రమాదం. కిడ్నీ శబ్దం చేస్తున్నాం కదా అని కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మందులు, చెకప్పులు ఆపొద్దు. మా దగ్గరికి వచ్చిన ఒకాయన బీపీ మాత్ర మానేసి రోజూ అరగంట "హా" అంటూ కూర్చున్నాడు, ఎందుకయ్యా అంటే అది గుండె శబ్దమట. ఇంట్లోవాళ్లు కనిపెట్టారు కాబట్టి సరిపోయింది.

పెదవాల్తేరు_పిల్ల:

అందరికీ థాంక్స్, ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అంకుల్, నైట్ అలవెన్సు మాట అమ్మకి చదివి వినిపించాను, చాలాసేపు నవ్వింది.

తేదీల మెసేజ్‌లు మ్యూట్ చేశాను. బీచ్ గారు చెప్పిన మూడు ముక్కలు ఫ్రిజ్ మీద అంటించాను, ఇప్పుడు తేమ నుంచి చల్లదనంలోకి మారుతున్నాం అన్నమాట. నిద్ర పదిన్నర టు ఆరు, ఏడాదంతా. కార్తీక సోమవారాలు నాలుగున్నరకి లేస్తాను అని అమ్మతో ఒప్పందమైంది.

ఒక సందేహం మిగిలింది. అమ్మ నా పక్కన నిలబడి చేస్తానంటోంది. అరవై నాలుగేళ్లు, ఎడమ మోకాలు అరిగింది. బాడ్వాన్‌జిన్ మొత్తం చేయించొచ్చా?

బీచ్_ఆరింటికి:

చేయించొచ్చు, రెండు మార్పులతో. రెండోదీ అయిదోదీ గుర్రం ఎక్కినట్టు కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచి కిందకి కూర్చునేవి కదా, ఆవిడ కూర్చోకుండా నిలబడే చేయాలి, మోకాలు వంచొద్దు. మడమల దగ్గర అసలు దించి కొట్టొద్దు, కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా ఎత్తి మెల్లగా దించితే చాలు. కుర్చీ చెక్కదో ఇనపదో వాడండి, ప్లాస్టిక్‌ది వద్దు, బరువు ఆనితే తిరగబడుతుంది. మోకాలు సంగతి మాత్రం ముందు ఫిజియో గారిలాంటి వాళ్లకి ఒకసారి చూపించండి.

బాల్కనీలో చేస్తున్నారా? దీపం పెట్టాక నూనె చుక్కలు పడుంటాయి, తుడిచాక నిలబడమనండి.