ఎంజీబీ డ్యాష్‌బోర్డ్ పై మెత్త ఊడిరావట్లేదు, ఎలా తీయాలి?

ప్రశ్న (నల్గొండ నుంచి)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1970 ఎంజీబీ రోడ్‌స్టర్ ఉంది, పైకప్పు తెరిచే ఇంగ్లీషు కారు, కుడిచేతి స్టీరింగ్. మా మేనమామ హైదరాబాద్‌లో ఉండగా కొనుక్కుని ప్రాణంగా చూసుకున్న బండి. ఆయన పోయాక నా దగ్గరికి వచ్చింది. ఇంజిన్‌కు ఏ ఢోకా లేదు, సంక్రాంతి సెలవుల్లో సాగర్ డ్యామ్ దాకా వెళ్లొచ్చాను.

బాధంతా డ్యాష్‌బోర్డ్‌తోనే. మీటర్ల పైన అంచు పొడవునా ఉండే నల్ల మెత్త మూడు చోట్ల నిలువునా చీలింది. వేలు పెడితే లోపలి స్పాంజి పసుపు పిండిలా రాలి ఒళ్లో పడుతోంది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు, రెండేళ్లు రేకుల షెడ్డులో ఉన్న ఈ మెత్త ఏం ఆగుతుంది?

తీసి కొత్తగా చేయిద్దామని నిన్న సాయంత్రం కూర్చున్నాను. పైన ఒక్క స్క్రూ కూడా కనిపించలేదు. ఎడమ మూలన స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా లేపితే రెండు వేళ్ల ఎత్తు లేచి, లోపల టక్కుమని చప్పుడైంది. భయమేసి వదిలేశాను. ఇది అతికించిందా, బిగించిందా? ముందు అద్దం తీయాలా? మా వీధి డెంటర్ అయితే తీయడమెందుకు, పైనే రెక్సిన్ అతికిస్తానంటున్నాడు. తెలిసిన అన్నలు దారి చెప్పగలరు.

జవాబు (సూర్యాపేట)

ఎంజీ గురించి నాకు తెలియదు కానీ, పైన అతికించడం గురించి తెలుసు. నా పద్మినికి అలాగే చేయించాను. మొదటి ఎండాకాలం బాగానే ఉంది, రెండో ఎండాకాలానికి బుడగలు లేచి అంచులు చుట్టుకుపోయాయి. కింద స్పాంజి పొడైపోయినప్పుడు జిగురు దేన్ని పట్టుకుంటుంది? ఊడదీసి చేయించండి.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయండి తమ్ముడూ. ఇదే పని మూడేళ్ల కింద నేను చేశాను, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

మీ బండిది రేకు డ్యాష్‌బోర్డ్. పై నుంచి పీకితే మెత్త రాదు, రేకు డ్యాష్‌తో పాటే బయటికి రావాలి. తర్వాత బల్ల మీద బోర్లా వేసుకుంటే మెత్తను పట్టి ఉంచినవన్నీ చేతికందుతాయి. అద్దం తీయక్కర్లేదు. డ్యాష్‌ను పై అంచు వెంట లోపలి నుంచి నట్లు, కింది అంచున స్క్రూలు పట్టి ఉంచుతాయి. సీటు వెనక్కి జరిపి, వీపు కింద దిండు వేసుకుని, తల పెడల్స్ దగ్గర పెట్టి పడుకోండి. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో గడ్డం గీసుకునే చిన్న అద్దం. అప్పుడు కనిపిస్తాయి ఆ నట్లు.

అయితే నట్లు విప్పడం ఈ పనిలో సులువైన భాగం. అసలు ప్రమాదం ఒక సన్నటి రాగి గొట్టంతో.

మీ బండిలో ఒకే మీటరు ఆయిల్ ప్రెషర్‌నూ, నీళ్ల వేడినీ చూపిస్తుందా? అయితే దాని వెనక నుంచి రెండు గొట్టాలు పోతాయి. ఒకటి ఆయిల్‌ది. దాన్ని మీటరు దగ్గర నట్టు విప్పి వేరు చేయొచ్చు, మహా అయితే నాలుగు చుక్కల ఆయిల్ కారుతుంది, గుడ్డ అడ్డం పెట్టుకోండి. రెండోది నీళ్ల వేడిది. సన్నటి గొట్టం, చాలా బండ్లలో పైన స్ప్రింగులాంటి తీగ చుట్టి ఉంటుంది. అది వైరు కాదు. ఒక కొస మీటరులోకి, ఇంకో కొస సిలిండర్ హెడ్‌లో బిగించిన చిన్న బల్బులోకి పోతుంది. లోపల ఈథర్ నింపి సీలు వేసి ఉంటుంది. ఇంజిన్ వేడెక్కితే ఈథర్ ఆవిరి ఒత్తిడి పెరిగి ముల్లును తోస్తుంది. గొట్టం ఎక్కడ మడత పడి చిట్లినా ఈథర్ ఎగిరిపోతుంది, ముల్లు అక్కడే పడుకుంటుంది. ఆ గొట్టాన్ని మీటరు నుంచి విప్పడానికి వీల్లేదు, మీటరూ గొట్టమూ బల్బూ కలిపి ఒకటే వస్తువు.

నా బండికి జరిగింది ఇదే. ఒక షాపులో ఇచ్చాను, పేరెందుకు లెండి. కుర్రాడు దాన్ని వైరనుకుని కట్టింగ్ ప్లేయర్‌తో కత్తిరించేశాడు. సాయంత్రం వెళ్లేసరికి ఆ ముక్క సీటు మీద ఉంది, బండిలో ఈథర్ వాసన. అసలు మీటరు అది. ఆ రాత్రి అన్నం సహించలేదు. రిపేరు చేసే చేయి దొరకడానికి ఏడు నెలలు పట్టింది.

మీరు విన్న టక్కుమనే చప్పుడు పాత క్లిప్పుదో, ఎండిన రెక్సిన్‌దో అయి ఉండొచ్చు. అయినా పని మొదలుపెట్టే ముందే ఇంజిన్ వేడి చేసి ముల్లు లేస్తుందో లేదో చూసుకోండి. లేస్తే గొట్టం బాగున్నట్టే.

ఇక వరస. ముందు బ్యాటరీ తీగ తీసేయండి. 1974 దాకా ఈ బండ్లకు ఆరు వోల్టులవి రెండు బ్యాటరీలు, సీట్ల వెనక మూత కింద ఉంటాయి. మీది 1970 కాబట్టి నెగటివ్ ఎర్త్ ఉండాలి, అంటే బ్యాటరీ నెగటివ్ కొస బండి బాడీకి కలిపి ఉండాలి, కానీ చేతులు మారిన బండి, ఒకసారి చూసి నిర్ధారించుకోండి. తర్వాత మధ్య కన్సోల్ తీసేయండి. స్పీడోమీటర్ కేబుల్ వెనక గరుకు అంచున్న గుండ్రటి నట్టు ఉంటుంది, చేత్తోనే వస్తుంది. ట్రిప్ మీటరును సున్నా చేసే సన్నటి కేబుల్ కూడా విప్పాలి, చాలామంది మరిచిపోయి తెంపుకుంటారు. మీటర్ల దీపాలు గుచ్చి ఉంటాయి, లాగితే వస్తాయి. చోక్ కేబుల్, హీటర్ నాబ్‌లు, స్టీరింగ్ కాలమ్‌ను పట్టుకునే బ్రాకెట్ తర్వాత. ఆ బ్రాకెట్ దగ్గర ప్యాకింగ్ వాషర్లు ఉంటే ఎన్ని ఉన్నాయో, ఏ బోల్టుకు ఉన్నాయో రాసుకోండి. కాలమ్ వరస తప్పకుండా పెట్టినవి అవి.

వైర్లకు ఫోటోలు తీసుకోండి, ఫోటో ఒక్కటే నమ్ముకోకండి. ప్రతి వైరుకూ తెల్ల టేపు చుట్టి అంకె వేయండి. ఈ బ్రిటిష్ బండ్లలో రంగులకు అర్థం ఉంది. గోధుమ రంగు నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది, తెల్లది ఇగ్నిషన్ వేస్తే వచ్చేది, ఆకుపచ్చది దాని తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, నల్లది ఎర్త్. ఎరుపు మీద తెల్ల గీత ఉంటే మీటర్ల దీపాలది. టాకోమీటర్ (ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే మీటరు) వెనక తెల్ల వైరు చిన్న చుట్టు తిరిగి పోతుంటే ఆ చుట్టు ఏ వైపు నుంచి ఏ వైపుకు తిరిగిందో తప్పకుండా బొమ్మ గీసుకోండి. తిప్పి పెడితే మీటరు పని చేయదు.

ప్రశ్న అడిగినవారు (నల్గొండ)

అన్నా, ఇంత ఓపికగా రాసినందుకు చేతులెత్తి నమస్కారం. నాది ఆ రెండూ కలిసిన మీటరే. ముల్లు బాగానే లేస్తోంది. రెండు సందేహాలు. ఆ మీటరును ముందు వైపుకు తీసి గుడ్డలో చుట్టి వేలాడదీసి, డ్యాష్ ఒక్కటే పట్టుకుపోలేనా? ఇంకొకటి, నా దగ్గరున్న పానాలు నట్లకు సరిగ్గా పట్టట్లేదు. పదమూడు నంబర్‌ది వదులుగా తిరుగుతోంది.

జవాబు (మహబూబ్‌నగర్)

అందరికీ మొదట తట్టేది అదే. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మీటరు ముందు అంచు బెజ్జం కన్నా పెద్దది, ముందు నుంచే లోపలికి పోతుంది. గొట్టమేమో వెనక నుంచి బెజ్జంలోంచి వచ్చి మీటరుకు అంటుకుని ఉంటుంది. అంటే డ్యాష్ ఆ గొట్టానికి దండలో పూసలా గుచ్చుకుని ఉన్నట్టు. బల్బు ఇంజిన్ నుంచి బయటికి రానిదే డ్యాష్ బండి నుంచి బయటికి రాదు.

కాబట్టి ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, వీలైతే తెల్లవారి, రేడియేటర్ నీళ్లు హెడ్ కంటే కిందికి దిగేదాకా తీయండి. బల్బును పట్టి ఉంచే నట్టును విప్పేటప్పుడు గొట్టం నట్టుతో పాటు తిరగకూడదు. నట్టు ఒక్కటే తిరగాలి. గొట్టం మెలి పడుతున్నట్టు కనిపిస్తే ఆపేసి, తుప్పు వదిలించే ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేయండి. రెండు రాత్రులైనా ఫర్వాలేదు. బల్బు బయటికి వచ్చాక ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య గోడలోని రబ్బరు బెజ్జంలోంచి గొట్టాన్ని లోపలికి తెచ్చి, పెద్ద గుండ్రంగా చుట్టి డ్యాష్‌కే టేపుతో కట్టేయండి. పళ్లెమంత చుట్టు వేయండి, గాజంత చిన్నది వద్దు.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

పానాల సంగతి నేను చెప్తా తమ్మీ. ముప్పై ఏళ్లు అంబాసిడర్లు చేసిన చేయి నాది. నీ బండి నట్లు మిల్లీమీటరువి కావు, అంగుళాలవి. పదమూడు పట్టట్లేదంటున్నావే, అది అర అంగుళం నట్టు, అంటే 12.7 మిల్లీమీటర్లు. పదమూడుతో గట్టిగా తిప్పితే మూలలు గుండ్రమైపోతాయి. ఇంకో సైజు అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తే అందులో ఏడు, అది 11.1. నీ పదకొండు దానికి ఎక్కనే ఎక్కదు, ఎక్కినా ఇరుక్కుంటుంది. పాత బుల్లెట్ మెకానిక్ దగ్గరికి మాత్రం పోకు, వాళ్ల దగ్గరుండే విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు కొలత పానాల లెక్క వేరు. పాత అంబాసిడర్ మెకానిక్‌ను పట్టుకో. ఆ పెట్టెలో నీకు కావలసిన పానాలన్నీ ఉంటాయి.

ఎందుకంటే అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజినూ, నీ ఇంజినూ ఒకే తల్లి బిడ్డలు. రెండూ బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ బి-సిరీస్ ఇంజిన్లే. అంబాసిడర్‌ది 1489 సీసీ, నీది 1798. ఆ హెడ్ మీద పని చేసినవాడికి నీ హెడ్ కొత్త కాదు. నేను చూసిన ఇంగ్లీషు బండ్లలో అన్నింటికన్నా మన చేతికి దగ్గరైన బండి నీదే. భయపడకు.

జవాబు (దేవరకొండ నుంచి)

సీట్లు కుట్టే పని మాది, మెత్త గురించి ఒక మాట. పాత స్పాంజిని దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ పొడి మంచిది కాదు. పాత రెక్సిన్‌ను చించి పారేయకండి సార్, చీలిన ముక్కలన్నీ జాగ్రత్త చేస్తే వాటినే కొలతకు పెట్టి కత్తిరించొచ్చు. కానీ ఎండకు అది కుంచించుకుపోయి ఉంటుంది, రెండు వైపులా వేలెడు ఎక్కువ వదులుకోండి. సాగే రకం రెక్సిన్ అడగండి, వంపు దగ్గర ముడత పడదు. జిగురు వేడికి తట్టుకునేదే వాడాలి. మామూలుది మన ఎండకు మళ్లీ పేస్టులా మెత్తబడుతుంది. రెక్సిన్‌ను కాసేపు ఎండలో పెట్టి వేడి మీదే లాగితే చక్కగా కూర్చుంటుంది.

ప్రశ్న అడిగినవారు (నల్గొండ), పదకొండు రోజుల తర్వాత

అయిపోయిందన్నా! క్లాక్ టవర్ దగ్గర ఒక పాత అంబాసిడర్ మేస్త్రీ దొరికాడు. పానాలు అడిగితే తనే వచ్చి కూర్చున్నాడు. బల్బు నట్టు మొదటి రోజు కదల్లేదు. గొట్టం కొద్దిగా మెలి తిరగడం కనిపించగానే మీరు చెప్పినట్టే ఆపేశాం. రెండు రాత్రులు ఆయిల్‌లో నానాక మూడో రోజు పొద్దున మేస్త్రీ గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు, నేను పానా తిప్పాను. చిన్నగా కిర్రుమని కదిలింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

బల్బు బయటికి రాగానే గ్లాసులో మరిగే నీళ్లు పోసి ముంచి చూశాను, ముల్లు లేచింది. అన్నీ బిగించే ముందు మళ్లీ ఒకసారి ముంచి చూశాను.

డ్యాష్‌ను మంచం మీద బోర్లా వేసి మెత్త విప్పితే, రెక్సిన్ లోపలి అంచున, ఎండ తగలని చోట, అసలు నలుపు ఇంకా నిగనిగలాడుతోంది. కొత్త రెక్సిన్‌ను ఆ ముక్క పక్కన పెట్టే ఎంచుకున్నాం. నేను లేపిన ఎడమ మూల దగ్గర రేకు కొంచెం వంగి ఉంది, మేస్త్రీ చెక్క సుత్తితో సరిచేశాడు.

ఒక్క సందేహం మిగిలింది. అద్దం మీదికి గాలి కొట్టే రెండు గొట్టాల్లో ఎడమది బిగించాక జారి పడిపోయింది, కుడి వైపు నుంచే గాలి వస్తోంది. దానికోసం మళ్లీ డ్యాష్ అంతా విప్పాలా?

జవాబు (మహబూబ్‌నగర్)

అక్కర్లేదు. గ్లవ్ బాక్స్ వైపు నుంచి చేయి పైకి పోనిస్తే ఆ గొట్టం మూతి తగులుతుంది. పట్టకపోతే మీ ఇంట్లో చిన్న పిల్లల చేయి అడగండి, మా అమ్మాయే పెట్టింది నాకు. పెట్టాక ఒక చిన్న క్లిప్పు వేయండి, లేకపోతే సాగర్ రోడ్డు గుంతలకు మళ్లీ జారుతుంది.