బ్రాండ్ షర్టుకి మూడున్నర వేలా, గుడ్డ తీసి కుట్టించుకోవడమా?

గళ్లచొక్కా అడిగారు:

ఆఫీసుకి షర్టులు కావాలి. బడ్జెట్ 15,000. పేరున్న బ్రాండులో 3,499 ధరవి నాలుగొస్తాయి. గుడ్డ తీసి కుట్టిస్తే తొమ్మిది దాకా వస్తాయని లెక్కేశాను: 1.6 మీటర్లు, మీటరు 600 చొప్పున 960, కుట్టుకూలి 550, బొత్తాలూ అవీ కలిపి 1,550.

ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ఛాతీ 39, మెడ 15½, భుజం 17½. రెడీమేడ్‌లో 40 సైజుకి భుజం, కాలర్ కుదురుతాయి. చేతులు మాత్రం అంగుళంన్నర పొడుగు, షర్టు కింద కూడా పొడుగే. 39 వేస్తే కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర బొత్తాల మధ్య నోరు తెరుచుకుంటుంది. బ్రాండు డబ్బులకి నిజంగా ఏం వస్తుంది? టైలర్‌కి ఏం చెప్పాలి? "మంచిగా కుట్టండి" అంటే వచ్చే షర్టు ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే.

ట్రయల్‌రూం జవాబు:

ఫార్మల్ షర్టు మీద 39, 40, 42 అని ఉండేది మామూలుగా కాలర్ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. ఛాతీ అంగుళాలని చాలామంది పొరబడతారు. మీ మెడ 15½ అంగుళాలంటే 39.4 సెంటీమీటర్లు. అందుకే 40 మెడకి సరిపోయింది. మిగతా కొలతలు ఆ కాలర్ ఉన్న మనిషి సుమారుగా ఇంత పొడుగుంటాడని కంపెనీ ఊహించి పెట్టినవి. ఆ ఊహలోని మనిషి మీకంటే పొడుగు.

ఇక ధర. అందులో గుడ్డ, కుట్టు మాత్రమే కాదు, షోరూం అద్దె, ప్రకటనలు, డీలర్ మార్జిన్ కూడా ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, అమ్ముడుపోని సరుకు రేపు తక్కువ ధరకి వదిలించుకోవాలన్న లెక్క కూడా ముందే కలిసి ఉంటుంది. అందుకే సీజన్ మొదట్లో పూర్తి ధర పెట్టి కొనడం నాకు అర్థం కాని పని. దానికి తోడు పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాటిన బట్టల మీద జీఎస్టీ 18 శాతం, ఆ లోపు అయితే 5 శాతం. 3,499 షర్టులో పన్నే దాదాపు 534. అదే షర్టు 40 శాతం తగ్గింపులో 2,099కి వస్తే అందులో పన్ను సుమారు 100.

అలాగని బ్రాండులో ఏమీ లేదని కాదు. కాలర్, కఫ్‌లకి లోపల అతికే కాన్వాస్‌ని పెద్ద ప్రెస్ మెషిన్‌లో వేడి, ఒత్తిడి, సమయం కొలిచి అతికిస్తారు. కుట్టు మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా ఒకేలా ఉంటుంది. గళ్లు జేబు దగ్గర, బటన్ పట్టీ దగ్గర కలుస్తాయి. ఏడాది తర్వాత అదే సైజు కొన్నా చాలావరకు అలాగే కూర్చుంటుంది. ఈ నాలుగూ వీధి టైలర్ దగ్గర దొరకడం కష్టం.

మీకు మధ్యేమార్గం ఒకటుంది. జనవరిలోనో జూలైలోనో సేల్‌లో 40 సైజు కొని ఆల్టరేషన్‌కి ఇవ్వండి. భుజం, కాలర్ సరిపోయాయా అని మాత్రమే చూసి కొనాలి, ఎందుకంటే ఆ రెండూ తర్వాత మార్చడం చాలా కష్టం. పక్క కుట్లు, పొడవు, చేతులు మార్చొచ్చు. చేతులు తగ్గించేటప్పుడు కఫ్ విప్పి, అంగుళంన్నర కోసి, మళ్లీ కుడతారు. అంతకంటే ఎక్కువ కోస్తే మణికట్టు పైనుండే చీలిక మరీ చిన్నదైపోయి, అక్కడున్న చిన్న బొత్తం కఫ్ మీదికొచ్చి కూర్చుంటుంది. అప్పుడు భుజం దగ్గర విప్పాల్సిందే. ఆ పని వద్దు.

ఫ్యాక్టరీ ఔట్‌లెట్‌లో ఒక జాగ్రత్త. కొన్ని బ్రాండులు ఔట్‌లెట్ కోసమే వేరే సరుకు చేయిస్తాయి. లేబుల్ అదే, గుడ్డా బొత్తాలూ వేరు. లోపలి ట్యాగ్ మీద స్టైల్ నంబరు ఉంటుంది. అది షోరూంలోనో కంపెనీ సైట్‌లోనో కనిపిస్తే మిగిలిపోయిన అసలు సరుకన్నమాట.

కత్తెరమాస్టర్ జవాబు:

తమ్ముడూ, తొమ్మిదీ ఒకేసారి ఇవ్వకు. ఒకటి కుట్టించు, రెండుసార్లు ఉతుకు, వేసుకుని కూర్చో, చేతులెత్తు. అప్పుడు మిగతావాటి సంగతి.

గుడ్డతో పాటు ఆది షర్టు, అంటే కొలతకి నీకు కుదిరిన షర్టు, ఇవ్వాలి. ఒంటి మీద టేపు పెట్టి తీసిన కొలతకి ఎంత లూజు కలపాలో ప్రతి మాస్టర్‌కీ ఒక లెక్క. ఆది ఉంటే ఆ గొడవ లేదు. నీ 40 సైజు షర్టే ఆదిగా ఇచ్చి, "భుజం, కాలర్ ఇదే. చేతులు అంగుళంన్నర తగ్గించండి, పొడవు ఇంత" అని కాగితం మీద రాసి పిన్ను పెట్టు. నోటితో చెప్పింది కటింగ్ బల్ల దాకా చేరదు.

పొట్ట కొలత కూర్చుని తీయించుకో. నిలబడి తీసిన దానికీ దీనికీ అంగుళం, అంగుళంన్నర తేడా వస్తుంది. నీ బొత్తాలు నోరు తెరిచేది అక్కడే. ఛాతీ 39కి తయారైన షర్టు 43, 43½ ఉండాలి. పొట్ట దగ్గర కూర్చున్న కొలతకి కనీసం 3 అంగుళాలు కలపాలి. బొత్తాల మధ్య దూరం మామూలుగా 3½ అంగుళాలు పెడతారు. నీకు 3¼ పెట్టమను, ఒక బొత్తం సరిగ్గా పొట్ట ఎత్తు మీద పడేలా చూడమను. టక్ చేస్తే పొడవు 29, బయటికి వదిలేస్తే 27½ చాలు.

చంక రౌండు దగ్గర గట్టిగా చెప్పాలి. బిగుతని గిరాకీ తిరిగొస్తాడన్న భయంతో టైలర్లు చంక కిందికి కోస్తారు. అది లూజుగా ఉంటే సుఖమనుకుంటాం గానీ జరిగేది వేరు: చెయ్యి ఎత్తగానే షర్టంతా చెయ్యితో పాటు లేచి, టక్ ఊడి బయటికొస్తుంది. నీ ఛాతీకి చంక రౌండు 19 దగ్గర ఉంటే చాలు. మొదటి రోజు కొంచెం పట్టినట్టుంటుంది, ఒక ఉతుకు అయ్యాక తెలియదు.

కుట్టు నాణ్యతకి స్కేలు పెట్టి లెక్కపెట్టు. అంగుళానికి ఎనిమిది, తొమ్మిది కుట్లుంటే తొందరలో లాగేసిన పని. 12 నుంచి 14 అడుగు. పల్చటి గుడ్డకి 11 నంబరు సూది వాడమను. లావు సూదితో దగ్గర కుట్లు వేస్తే కుట్టు పొడుగునా గుడ్డ ముడతలు పడుతుంది, ఇస్త్రీకీ పోదు.

పక్క కుట్లు రెండు రకాలు. గుడ్డ అంచులు లోపలికి మడిచి రెండు వరసలు వేసే మడత కుట్టు చూడ్డానికి బాగుంటుంది, ఏళ్లు ఉంటుంది. కానీ తర్వాత లూజు విప్పడానికి లోపల గుడ్డ మిగలదు. బరువు పెరిగే తరుగే ఒళ్లైతే అంచు పోగులూడకుండా పట్టే ఓవర్‌లాక్ కొట్టించి, పక్కల అంగుళం మార్జిన్ వదలమను. రెండూ కావాలంటే కుదరదు.

కాలర్ విషయం ట్రయల్‌రూం గారు చెప్పింది నిజమే. ఇస్త్రీపెట్టెతో అతికించిన పేస్టింగ్ మూడు ఉతుకులకి బుడగలు లేస్తుంది. పెట్టెలో వేడి చాలక కాదు, అంతటా సమానంగా ఒత్తిడి పడక. ఫ్యూజింగ్ ప్రెస్ ఉన్న షాపు అడుగు. లేకపోతే పేస్టింగ్ లేని నూలు కాన్వాస్‌ని నీళ్లలో నానబెట్టి ఆరేసి, దాన్ని లోపల పెట్టి కుట్టమను. అది కొంచెం మెత్తగా ఉంటుంది, బుడగ మాత్రం రాదు.

గళ్లచొక్కా:

ఇద్దరికీ థాంక్స్ అండీ. మంగళగిరి గుడ్డతో రెండు, పోచంపల్లి ఇక్కత్‌తో ఒకటి కుట్టిద్దామని ఉంది. చేనేత గుడ్డకి కూడా ఈ కొలతలే పనికొస్తాయా? మంగళగిరి గుడ్డకుండే నిజాం అంచు (జరీ అంచు) షర్టులో ఎక్కడ పెట్టించాలి?

పడుగుపేక జవాబు:

కొలతలు పనికొస్తాయి, గుడ్డ మాత్రం 1.6 మీటర్లు చాలదు. ఆ లెక్క 58 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న మిల్లు గుడ్డది. మంగళగిరి గుడ్డ పన్నా మామూలుగా 44 నుంచి 48 అంగుళాల మధ్య ఉంటుంది. ఫుల్ చేతులకి రెండుంబావు మీటర్లు తీసుకోండి. గళ్లో ఇక్కత్ డిజైనో కలవాలంటే ఇంకో పాతిక సెంటీమీటర్లు.

కుట్టే ముందు తడపాలి, ఇందులో మినహాయింపు లేదు. మిల్లులో సాన్ఫరైజ్ చేసిన, అంటే ముందే కుంచింపజేసిన గుడ్డ పెద్దగా కుంచించుకోదు. చేనేత గుడ్డకి ఆ ప్రక్రియ ఉండదు, పైగా గంజి ఉంటుంది. గుడ్డ మీద పడుగు (పొడుగు పోగులు) వైపు 50 సెంటీమీటర్లు, పేక (అడ్డ పోగులు) వైపు 50 సెంటీమీటర్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. 48 వస్తే 4 శాతం తగ్గినట్టు. మామూలుగా పడుగు వైపే ఎక్కువ తగ్గుతుంది, షర్టు పొడవూ చేతుల పొడవూ వచ్చేది ఆ వైపు నుంచే. 29 అంగుళాల పొడవులో 5 శాతమంటే దాదాపు అంగుళంన్నర పోయినట్టే. చేతులు పొట్టివైపోయాయని టైలర్‌ని తిట్టే కేసులు చాలావరకు ఇవే.

రంగు పోతుందేమోనని రాళ్లుప్పు నీళ్లలో నానబెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఉప్పు అద్దకం వేసేటప్పుడు రంగుని నూలులోకి పంపడానికి ఉపయోగపడుతుంది. అద్దకం అయిపోయాక సరిగ్గా పట్టని రంగుని అది ఆపలేదు. షాపులోనే తెల్ల చేతిరుమాలు తడిపి, ముదురు రంగు మీద పదిసార్లు గట్టిగా రుద్దండి. రుమాలుకి బాగా అంటుకుంటే ఆ గుడ్డ షర్టుకి వద్దు. మొదట రంగు అంటేది చంక కిందా, కాలర్ లోపలా.

ఇక్కత్ అయితే వెనక్కి తిప్పి చూడండి. ఇందులో ముందు నూలుకి ముడులు కట్టి రంగు వేసి, ఆ తర్వాత నేస్తారు. కాబట్టి రెండు వైపులా రంగు ఒకే లోతులో ఉంటుంది. వెనక వెలిసినట్టుంటే అది ఇక్కత్ డిజైన్ అచ్చు వేసిన గుడ్డ. అది కొనకూడదని కాదు, ఇక్కత్ ధర పెట్టకూడదు. 2006లో మొదలైన హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉంటే చేనేత అన్న భరోసా ఉంటుంది.

నిజాం అంచు గుడ్డ పొడుగునా, చివర వెంట వెళ్తుంది. కాబట్టి షర్టులో సహజంగా కూర్చునే చోటు బటన్ పట్టీ. కఫ్ చుట్టూ కూడా బాగుంటుంది. షర్టు కింది అంచుకి కావాలని అడగొద్దు. అలా రావాలంటే గుడ్డని అడ్డంగా తిప్పి కోయాలి. అప్పుడు పొడవులోకి పేక వస్తుంది, ఉతికాక కుంచించుకునే లెక్కంతా తారుమారవుతుంది.

ఇంకొకటి, స్లిమ్ ఫిట్ వద్దు. నేత కొంచెం వదులుగా ఉండే గుడ్డల్లో, బిగుతుగా ఉన్నచోట పోగులు కుట్టు నుంచి జారి సన్నటి జాలీలా తెరుచుకుంటాయి. ముందుగా వీపు మీద యోక్ (భుజాల దగ్గర అడ్డంగా వేసే ముక్క) కింద, తర్వాత చంక వెనక. అక్కడ బాక్స్ కుచ్చు ఒకటి పెట్టించి, కుట్టు మార్జిన్ అర అంగుళానికి తగ్గకుండా వదలమనండి.

నీలిమందు జవాబు:

కుట్టు సంగతి అందరూ చెప్పారు, గుడ్డ ఎంపిక మీద రెండు మాటలు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. షాపులో "100 కౌంటు" అనగానే మురిసిపోకుండా, ఒంటి పోగా, రెండు పోగులు పేనిందా అని అడగండి. రెండు పోగుల 100 అంటే 2/100 అని రాస్తారు. దాని లావు ఒంటి పోగు 50తో సమానమే, కానీ గట్టిగా, నునుపుగా ఉంటుంది. ఒంటి పోగు 100 లోపలి బనీను కనిపించేంత పల్చన. రోజువారీ ఆఫీసుకి 50, 60 కౌంటు చాలు. "ప్యూర్ కాటన్" మీద అనుమానముంటే అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాల్చండి. నూలైతే కాయితం కాలిన వాసన, మెత్తటి బూడిద. పాలిస్టర్ కలిసి ఉంటే చివర గట్టి పూసలా ముద్దకడుతుంది.

టీ షర్టులు, జీన్స్ మాత్రం కుట్టించొద్దు. అల్లిక గుడ్డకి సాగే కుట్టు వేసే మెషిన్లు, జీన్స్‌కి వాషింగ్ యూనిట్ కావాలి. వీధి టైలర్ దగ్గర అవి ఉండవు. అక్కడ రెడీమేడే మేలు. టీ షర్టు కొనేటప్పుడు లోగో పక్కన పెట్టి, 180 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో) ఉందా, భుజం కుట్టు లోపల టేపు ఉందా అని చూడండి.

మీ ఎత్తుకి చిన్న గళ్లు, సన్న చారలు నప్పుతాయి. పెద్ద గళ్లు మనిషిని అడ్డంగా కోసేస్తాయి. కాలర్ మొనలు 2¾ అంగుళాలకి మించకుండా చెప్పండి.

గళ్లచొక్కా:

అర్థమైందండీ. సేల్‌లో తెల్లదీ లేత నీలందీ రెండు కొని చేతులు తగ్గిస్తాను, మిగతావి కుట్టిస్తాను. మాస్టారూ, ట్రయల్ షర్టుకి ఎన్ని రోజులు టైమివ్వాలి?

కత్తెరమాస్టర్ జవాబు:

మామూలు రోజుల్లో వారం. దసరాకి, సంక్రాంతికి ముందు మూడు వారాలు మాత్రం ఇవ్వకు. ఆ రోజుల్లో కటింగ్ మాస్టర్ది, కుట్టేది ఎవరో. కాజాలు కూడా చాలా షాపులు బయటికి పంపిస్తాయి, రద్దీలో అక్కడే పాడవుతాయి. షర్టు తీసుకునేటప్పుడు ప్రతి కాజాలోనూ బొత్తం పెట్టి తీసి చూడు. పోగులు లేచిన కాజా కనిపిస్తే అక్కడే తిరిగివ్వు. ఒకసారి ఉతికాక తెస్తే ఏ టైలరూ ఒప్పుకోడు. మిగిలిన గుడ్డ ముక్క, రెండు బొత్తాలు అడిగి తీసుకో. కాలర్ ముందు అరిగిపోతుంది, అప్పుడు కొత్త కాలర్ వేయడానికి అదే గుడ్డ కావాలి. దాచేముందు ఆ ముక్కనీ షర్టుతో పాటు ఒకటి రెండుసార్లు ఉతుకు, లేకపోతే రంగు కలవదు.